విమానానికి సంతకం ఎవరు పెట్టాలి? ఒక ఏఎంఈ (విమాన మెయింటెనెన్స్ ఇంజనీరు) రాస్తున్న అపోహలు - వాస్తవాలు

వేసవి సెలవులు అయిపోవస్తున్నాయంటే నాకు రెండు రకాల ఫోన్లు మొదలవుతాయి. మొదటి రకం, ఇంటర్ పాసైన పిల్లల తండ్రులవి. "కోర్సు అయిపోగానే విమానాలకు సంతకం పెట్టే ఇంజనీరు అయిపోతాడంట కదా బాబూ, జీతం లక్షల్లోనంట కదా?" రెండో రకం, కొడుకు దగ్గరికో కూతురు దగ్గరికో అమెరికా వెళ్లబోతున్న పెద్దవాళ్లవి. "టీవీలో ఏదో స్నాగ్ అంటున్నారు, టికెట్ క్యాన్సిల్ చేసుకోమంటావా నాయనా?" చూడ్డానికి సంబంధం లేని ప్రశ్నలే గానీ రెండిట్లోనూ ఉన్నది ఒకటే గందరగోళం. విమానం మీద పని అయ్యాక అది ఎగరొచ్చని చట్టప్రకారం ఎవరు రాసివ్వాలో చాలామందికి తెలియదు.

మొదటి రకం వాళ్లు లక్షల్లో పోగొట్టుకుంటున్నారు. అందుకే ముందు వాళ్ల సంగతి.

అపోహ: ఏఎంఈ కోర్సు పూర్తయితే విమానాన్ని సర్టిఫై చేయొచ్చు

కుదరదు. బీటెక్ ఏరోనాటికల్ చేసినా కుదరదు, ఆ పైన ఎంటెక్ చేసినా కుదరదు. కోర్సు సర్టిఫికెట్ ఇచ్చేది కాలేజీ. లైసెన్స్ ఇచ్చేది డీజీసీఏ, అంటే కేంద్ర ప్రభుత్వ విమానయాన నియంత్రణ సంస్థ. ఫలానా విమానానికి సంతకం పెట్టే ఆథరైజేషన్ ఇచ్చేది సీఏఆర్-145 (మెయింటెనెన్స్ సంస్థలకి డీజీసీఏ పెట్టిన నిబంధనలు) అనుమతి ఉన్న మెయింటెనెన్స్ సంస్థ. ఈ మూడూ వేర్వేరు కాగితాలు. మన దగ్గర కొందరు మొదటిది చూపించి మూడోదాన్ని అమ్ముతున్నారు.

మా దూరపు బంధువు ఒకాయన అర ఎకరం అమ్మి కొడుకుని ఒక కాలేజీలో చేర్పించాడు. చదువు అయ్యాక ఫైలు పట్టుకుని మా ఇంటికొచ్చాడు. ప్లాస్టిక్ కవర్లలో మార్కుల మెమోలు, బోనఫైడ్, బంగారు రంగు సీలు మీద విమానం బొమ్మ ఉన్న ట్రైనింగ్ సర్టిఫికెట్. అన్నీ వరసగా టేబుల్ మీద పరిచి, "ఇందులో సంతకం పెట్టుకోమని ఏ కాగితంలో ఉందో చూసి చెప్పు అల్లుడూ" అన్నాడు. దేంట్లోనూ లేదు. లైసెన్స్ కోసం రాయాల్సిన డీజీసీఏ మాడ్యూల్ పరీక్షలు ఆ పిల్లాడు రెండే పాసయ్యాడు. తతిమ్మావి 'తర్వాత రాసుకోవచ్చు' అన్నారట కాలేజీలో.

తర్వాత రాసుకోవచ్చు, నిజమే. కానీ ఒక్కో మాడ్యూల్‌లో 75 శాతం రావాలి. అన్నీ పాసైనా సరిపోదు, ఎగురుతున్న విమానాల మీద పనిచేసిన అనుభవం చూపించాలి. పెద్ద విమానాలకి కావాల్సిన బీ1.1 (మెకానికల్), బీ2 (ఏవియానిక్స్, అంటే విమాన ఎలక్ట్రానిక్స్) కేటగిరీలకైతే, సీఏఆర్-147 (శిక్షణ సంస్థల నిబంధనలు) ఆమోదం ఉన్న కోర్సు చదివినవాళ్లకి రెండేళ్లు. సంబంధిత టెక్నికల్ శిక్షణ ఏదీ లేనివాళ్లకి ఐదేళ్లు. కాలేజీ షెడ్డులో దుమ్ము పట్టి నిలబడ్డ పాత సెస్నా చిన్న విమానానికి బోల్టులు విప్పి బిగించడం ఈ లెక్కలోకి రాదు. కుర్రాళ్లు నలిగిపోయేది ఇక్కడే. ఆ అనుభవం ఇచ్చే మరమ్మతు సంస్థలు, అంటే ఎంఆర్‌ఓలు కొన్నే, క్యూలో ఉన్నవాళ్లు వేలమంది.

ఇవన్నీ దాటితే లైసెన్స్ చేతికొస్తుంది. ఇంట్లో స్వీట్లు పంచుతారు. పంచాలి కూడా, అది చిన్న విషయమేం కాదు. కానీ అందులో టైప్ రేటింగ్ (ఫలానా మోడల్ విమానానికి అర్హత) ఉండదు, అంటే ఏ320కి గానీ 737కి గానీ ఇంకా సంతకం పెట్టలేడు. ఏ320 కావాలంటే ఆ టైప్ కోర్సు చేయాలి. థియరీ, ప్రాక్టికల్, తన కేటగిరీలో అదే మొదటి టైప్ అయితే ఓజేటీ (పని చేస్తూ నేర్చుకునే శిక్షణ) కూడా. పైగా ఏ320కి సీఎఫ్ఎం56 ఇంజిన్ ఉంటే ఒక రేటింగ్, నియో అనే కొత్త రకంలో ఉండే లీప్‌కి ఇంకొకటి, ప్రాట్ అండ్ విట్నీకి మరొకటి. బయటినుంచి చూస్తే అన్నీ ఒకే విమానంలా ఉంటాయి.

అదీ అయ్యాక కంపెనీ పరీక్ష పెట్టి, ఇంటర్వ్యూ చేసి ఆథరైజేషన్ ఇస్తుంది. దానికి 21 ఏళ్లు నిండాలి. గత రెండేళ్లలో కనీసం ఆరు నెలలు ఆ పనిలో ఉండాలి, హ్యూమన్ ఫ్యాక్టర్స్ (మనుషులు పొరపాట్లు ఎలా చేస్తారన్న) శిక్షణ ఉండాలి. ఆ కాగితం మీద నా స్టాంపు నంబరు, ఏ టైప్, ఏ పనుల వరకు అన్నది స్పష్టంగా రాసి ఉంటుంది. నేను కంపెనీ మారినప్పుడు లైసెన్స్ నాతో వచ్చింది, సంతకం రాలేదు. కొత్త చోట మళ్లీ మొదటినుంచి ఆథరైజేషన్ తెచ్చుకునేదాకా పాత విమానమే అయినా, పాత పనే అయినా నా పేరుతో రిలీజ్ లేదు.

(ఈ మధ్య పెళ్లి సంబంధాల వాళ్లు కూడా ఫోన్ చేస్తున్నారు, అబ్బాయి 'లైసెన్స్‌డ్' అవునా కాదా అని. వాళ్లకి ఉన్న జాగ్రత్త కాలేజీలో చేర్చే తండ్రులకి ఉంటే బాగుండు.)

చేర్చేముందు రెండు పనులు చేయండి. డీజీసీఏ వెబ్‌సైట్‌లో సీఏఆర్-147 బేసిక్ ఆమోదం ఉన్న సంస్థల జాబితా ఉంటుంది. ఆ కాలేజీ అందులో ఉందా, ఏ కేటగిరీకి ఉందో చూడండి. ఇక పని అనుభవం ఎక్కడ, ఎన్ని నెలలు ఇప్పిస్తారో రాసివ్వమనండి. 'ప్లేస్‌మెంట్ అసిస్టెన్స్' అనే మాటకి విలువ లేదు.

అపోహ: పని అయ్యాక సంతకం ఉత్త ఫార్మాలిటీ

విమానం లోపాలు, చేసిన పనులు రాసే టెక్ లాగ్‌లో మేము పెట్టే సంతకాన్ని సీఆర్ఎస్ అంటాం, సర్టిఫికెట్ ఆఫ్ రిలీజ్ టు సర్వీస్. ఈ పని సీఏఆర్-145 ప్రకారం జరిగింది, ఆ పని వరకు విమానం సర్వీసుకి సిద్ధంగా ఉందని నా పేరుతో చెప్పడం అది. ఏ మాన్యువల్, ఏ టాస్క్ నంబరు, తీసిన పార్టు నంబరు, వేసిన పార్టు నంబరు, వాటి సీరియల్ నంబర్లు, తేదీ, స్టాంపు అన్నీ పడాలి. తేడా వస్తే డీజీసీఏ పిలిచేది కంపెనీని ఒక్కదాన్నే కాదు, నన్ను కూడా. లైసెన్స్ సస్పెండ్ చేయొచ్చు, రద్దు చేయొచ్చు.

ఒక రాత్రి మెయిన్ వీల్ మార్చాం. ప్రయాణికులు ఎక్కేశారు, రేడియోలో డ్యూటీ మేనేజర్ ఐదేసి నిమిషాలకోసారి "ఎంతసేపు సార్?" అంటున్నాడు. మెకానిక్ చేతిలో టార్క్ రెంచ్ ఉంది, నట్టుని కొలిచిన బలంతో బిగించే పరికరం. దాని మీద చిన్న స్టిక్కర్, క్యాలిబ్రేషన్ (కొలత సరిచూడటం) గడువు నిన్నటితో అయిపోయింది. రెంచ్ బాగానే పనిచేస్తూ ఉండొచ్చు. కానీ క్యాలిబ్రేషన్ లేని పరికరంతో బిగించిన నట్టుకి నేను సంతకం పెట్టలేను. హ్యాంగర్ నుంచి ఇంకోటి తెప్పించి, మళ్లీ మొదటినుంచి మాన్యువల్ చెప్పిన వరసలో బిగించేసరికి విమానం బాగా లేటైంది. లోపల కూర్చున్నవాళ్లు మమ్మల్ని తిట్టుకునే ఉంటారు. తిట్టుకోనివ్వండి.

1990 జూన్ 10న బర్మింగ్‌హామ్ నుంచి మలగా వెళ్తున్న బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానానికి కాక్‌పిట్ అద్దం గాల్లో ఊడిపోయింది. కెప్టెన్ సగం శరీరాన్ని గాలి బయటికి లాగేసింది. క్యాబిన్ సిబ్బంది ఆయన కాళ్లు పట్టుకుని ఉంటే కో-పైలట్ సౌతాంప్టన్‌లో దించాడు. అందరూ బతికారు, కెప్టెన్‌తో సహా. ఎగరడానికి 27 గంటల ముందే ఆ అద్దం మార్చారు. 90 బోల్టుల్లో 84 కావాల్సిన దానికంటే సన్నవి. పాత బోల్టుని పక్కన పెట్టుకుని కంటితో చూసి ఎంచుకున్నారు, పార్ట్స్ కేటలాగ్ చూడలేదు. పని చేసింది, సంతకం పెట్టింది ఒకే మనిషి. ఇంకొకరు చూడాలన్న నిబంధన ఆ పనికి అప్పట్లో లేదు. ఇవాళ ఫ్లైట్ కంట్రోల్స్ లాంటి క్రిటికల్ పనులకి, పని చేసినవాడు కాక మరో అర్హుడు విడిగా చూసి సంతకం పెట్టాలన్న పద్ధతి ఇలాంటి అనుభవాలనుంచి వచ్చిందే.

పార్టుకీ ఇంతే. పార్టు వాడొచ్చని చెప్పే కాగితం, మన సీఏ ఫామ్ 1 గానీ, మనవాళ్లు ఒప్పుకునే యూరప్ ఈఏఎస్ఏ ఫామ్ 1, అమెరికా 8130-3 గానీ వెంట లేకపోతే ఆ పార్టు ఎంత కొత్తగా మెరుస్తున్నా మాకు ఇనప ముక్క కిందే లెక్క. బ్రిటన్‌లో ఏఓజీ టెక్నిక్స్ అనే కంపెనీ దొంగ కాగితాలతో సీఎఫ్ఎం56 ఇంజిన్ పార్టులు అమ్మిందని 2023లో బయటపడ్డాక, చాలా ఎయిర్‌లైన్స్ ఇంజిన్లు విప్పి వాటిని ఏరి తీయాల్సి వచ్చింది.

అపోహ: లోపం ఉందని తెలిసీ ఎగరనిచ్చారంటే ప్రాణాలతో ఆడుకున్నట్టే

భయపడేవాళ్లని నేను తప్పుపట్టను. 2025 జూన్‌లో అహ్మదాబాద్ ప్రమాదం తర్వాత మా అమ్మ కూడా నాకు వాట్సాప్ ఫార్వర్డ్‌లు పంపింది. ఆ ఫార్వర్డ్‌లు తయారుచేసేవాళ్ల మీదే నా కోపం. 'రిపేర్ చేయకుండానే టేకాఫ్' అని పెద్దక్షరాల్లో పెడతారు. ఎంఈఎల్ అనే మాట ఒక్కసారి కూడా రాయరు.

ఎంఈఎల్ అంటే మినిమమ్ ఎక్విప్‌మెంట్ లిస్ట్. విమానంలో ఏయే పరికరాలు పనిచేయకపోయినా ఎగరొచ్చో, ఏ షరతులతో, ఎన్ని రోజులు అన్నది ముందే ఆమోదించి పెట్టిన పుస్తకం. తయారీదారు స్థాయిలో ఆమోదం పొందిన జాబితా కంటే ఎయిర్‌లైన్ జాబితా కఠినంగా ఉండొచ్చు గానీ సడలింపుగా ఉండకూడదు. బీ కేటగిరీ లోపానికి 3 రోజులు, సీకి 10, డీకి 120. కనిపెట్టిన రోజు లెక్కలోకి రాదు. 'A' కేటగిరీ లోపానికి మాత్రం గడువు ఆ ఐటమ్ దగ్గరే రాసి ఉంటుంది. భద్రతకి కావాల్సిన పరికరం చెడిపోయి, అది జాబితాలో లేకపోతే సరిచేసేదాకా విమానం కదలదు.

ఏపీయూ చెడిపోయిందనుకోండి. నేల మీద ఉన్నప్పుడు కరెంటూ ఏసీ గాలీ ఇచ్చే చిన్న ఇంజిన్ అది. ఎంఈఎల్ చూసి, అది చెప్పిన మెయింటెనెన్స్ పని చేసి, కాక్‌పిట్‌లో స్విచ్ దగ్గర 'ఇనాప్' (పనిచేయదు) స్టిక్కర్ అతికించి, లాగ్‌లో గడువు తేదీతో సంతకం పెడతాం. ఇంజిన్ స్టార్ట్ చేయడానికి బయటినుంచి గాలి బండి రావాలి. అందాకా క్యాబిన్ ఉడికిపోతుంది. మీరు వీడియో తీస్తారు, మరుసటి రోజు అది వార్త అవుతుంది. ఇంత అయ్యాక కూడా కెప్టెన్ ఒప్పుకోవాలి. ఇవాళ్టి రూటుకి, వాతావరణానికి వద్దనుకుంటే ఆయన వద్దనొచ్చు, ఆ మాటకి తిరుగు లేదు.

ఇక మిగతావి గబగబా.

పైలట్ చూసి ఓకే అంటే చాలు? చాలదు. పైలట్ చుట్టూ తిరిగి చూస్తాడు, విమానాన్ని స్వీకరిస్తూ సంతకం పెడతాడు. రిపేరుకి రిలీజ్ ఇవ్వాల్సింది ఆథరైజేషన్ ఉన్న ఏఎంఈ.

ప్రతి ఫ్లైట్‌కీ డీజీసీఏ వాళ్లొచ్చి సర్టిఫై చేస్తారు? లేదు. వాళ్లు సంస్థలకి ఆమోదాలు, మాకు లైసెన్సులు ఇస్తారు, చెప్పకుండా వచ్చి తనిఖీ చేస్తారు. విమానానికి ఏఆర్‌సీ అని, అది ఎగరడానికి తగినట్టు ఉందో లేదో సమీక్షించి ఇచ్చే ఇంకో కాగితం ఉంటుంది, దాని గడువు ఏడాది.

మన లైసెన్స్‌తో దుబాయ్ విమానాలకి సంతకం? వీటీ అని మొదలయ్యే రిజిస్ట్రేషన్ ఉన్నవాటికే మన లైసెన్స్. శంషాబాద్‌లో దిగిన గల్ఫ్ విమానమైనా సరే, దాని దేశం ఒప్పుకున్న ఆథరైజేషన్ ఉండాలి.

రెక్కకి టేప్ వేసి పంపించారు? అది ప్లాస్టర్ కాదు, స్పీడ్ టేప్, అల్యూమినియంది. ఎక్కడ, ఎంత మేరకు, ఎన్నాళ్లు వేయొచ్చో మాన్యువల్‌లో ఉంటుంది. వేసినందుకు కూడా లాగ్‌లో ఒక ఎంట్రీ, కింద ఒక స్టాంపు నంబరు ఉంటాయి.