ఆసులు రెండూ చేతిలో ఉన్నా వదలాల్సిందే: పోకర్‌లో అపోహలు, వాస్తవాలు

అపోహ: చేతిలో పెద్ద ముక్కలుంటే ఎవరెంత పెంచినా వదలకూడదు.

నా దగ్గరికి వచ్చేవాళ్లను ఎక్కువగా ముంచేది ఇదే. మిగతా అపోహలన్నీ కలిపినా దీనిముందు చిల్లర లెక్క. అందుకే సగం పైగా దీని గురించే రాస్తాను.

గోవా క్యాసినోలో డీలర్‌గా పనిచేసి వచ్చాక పాలకొల్లులో ఇంటి అరుగు మీదే హోల్డెమ్ అనే పోకర్ ఆట నేర్పిస్తున్నాను. డబ్బు పెట్టం, చింతపిక్కలతోనే ఆట. నేర్చుకోడానికి వచ్చేవాళ్లు దాదాపు అందరూ రమ్మీ ఆడి ఆడి చేయి తిరిగినవాళ్లే. తిప్పలన్నీ అక్కడే మొదలవుతాయి. రమ్మీలో లైఫ్ పడిందంటే పడినట్టే. ఎదుటివాడు ఏం తీసినా, ఏం పారేసినా మన ఇస్పేటు ఐదు, ఆరు, ఏడు ఎక్కడికీ పోవు. హోల్డెమ్‌లో మన సొంతం రెండు ముక్కలే, బల్ల మీది ఐదూ అందరివీ. ముందు ఒకేసారి పడే మూడు ముక్కలు ఫ్లాప్, నాలుగోది టర్న్, ఐదోది రివర్. ఈ ఏడింటిలో మేలైన ఐదే మన చేయి. కొత్త ముక్క తిరగబడిన ప్రతిసారీ మన చేయి విలువ మారిపోతుంది. ఫ్లాప్‌కి ముందు ఆసుల జతను మించిన చేయి లేదు. ఐదు ముక్కలూ పడ్డాక అది ఒక జత, అంతే. "అంతే" అన్నందుకు నామీద అలిగి వెళ్లిపోయినవాళ్లున్నారు.

ఒక చేయి లెక్క వేసి చూద్దాం. బ్లైండ్లు, అంటే ముక్కలు చూడకముందే ఇద్దరు వేయాల్సిన పందేలు, 50, 100. మీకు ఆసులు రెండూ వచ్చాయి, 300కి పెంచారు. బిగ్ బ్లైండ్ 100 వేసినాయన ఒక్కడే కాల్ చేశాడు, అంటే మీరు వేసినంతా వేసి నిలిచాడు. చిన్న బ్లైండ్ 50తో కలిపి పాట్, అంటే మధ్యలో పోగైన పందెం, 650. ఫ్లాప్‌లో డైమండ్ జాకీ, డైమండ్ తొమ్మిది, కళావరు నాలుగు. మీరు 400 వేశారు, ఆయన కాల్. పాట్ 1,450. టర్న్‌లో ఇస్పేటు ఎనిమిది. మీరు 1,000 వేశారు. ఆయన ఒక్కసారిగా 3,200 చేశాడు.

ఆ ఆయన ఎవరో చూడండి. సాయంత్రం నుంచి కాల్ చేయడం, వదిలేయడం తప్ప రైజ్, అంటే పందెం పెంచడం, ఎరగని మనిషి. జాకీ-రాజు లాంటి చేయితో ఆయన కాల్ చేసి ఊరుకుంటాడు. డైమండ్లు రెండు పట్టుకుని ఫ్లష్ (ఒకే రంగు ముక్కలు ఐదు) కోసం చూస్తున్నా కాల్‌తోనే సరిపెడతాడు. మరి రైజ్ దేంతో చేస్తాడు? రాణి-పదితో స్ట్రెయిట్ (వరుసగా ఐదు ముక్కలు) కుదిరింది, ఆ రెండు ముక్కలూ 16 రకాలుగా రావచ్చు. తొమ్మిదుల జత, ఎనిమిదుల జత, నాలుగుల జత ఒక్కోటి మూడేసి రకాలుగా రావచ్చు, వస్తే సెట్, అంటే ఒకే అంకె ముక్కలు మూడు. జాకీ-తొమ్మిది అయితే రెండు జతలు, అది 9 రకాలుగా రావచ్చు. ఇవన్నీ ఆసుల జతను దాటేసినవే. స్ట్రెయిట్ మీద మీకు మిగిలిన ఆశ సున్నా, రివర్‌లో ఆసు పడినా గెలవరు. సెట్ మీదైతే 44 ముక్కల్లో రెండే మిమ్మల్ని కాపాడతాయి. మీకు అన్నిటికన్నా అనుకూలమైన జాకీ-తొమ్మిదే ఆయన దగ్గర ఉందనుకున్నా పనికొచ్చేవి ఎనిమిది: ఆసులు రెండు, నాలుగులు మూడు, ఎనిమిదులు మూడు. అంటే నూటికి 18.

ఇక ధర చూద్దాం. పాట్‌లో ఇప్పుడు 5,650 ఉంది, మీరు ఇంకా 2,200 వేయాలి. మీదీ కలిస్తే 7,850, అందులో 2,200 మీది, కాబట్టి నష్టం లేకుండా బయటపడాలంటే నూటికి 28 సార్లు గెలవాలి. పైగా రివర్‌లో ఇంకో దెబ్బ ఉండనే ఉంది. ఇక ఆలోచించడానికేముంది?

అదే రైజ్ ప్రతి చేతికీ కలబడే కుర్రాడు చేస్తే నేనూ కాల్ చేస్తాను. వాడి దగ్గర సగం సార్లు డైమండ్లే ఉంటాయి. ముక్కలు అవే, బోర్డు అదే, మనిషి మారాడంతే.

చెరువులున్న ఒక రొయ్యల రైతుకు ఈ లెక్కంతా వేసి చూపించాను. "లెక్క బాగానే ఉంది గానీ మాస్టారూ, ఆసులు రెండూ పట్టుకుని వదిలేయమంటారేంటండీ? అప్పటికే 1,700 పెట్టేశాను కదండీ!" అన్నారు.

"చెరువులో వైట్ స్పాట్ తెగులు కనబడితే ఏం చేస్తారండీ?"

"ఆ రోజే రొయ్యల పట్టుబడి అండీ. కిలోకి వంద తూగే చిన్న సైజులో ఉన్నా సరే, పట్టేయాలి."

"మరి అన్నాళ్లు పోసిన మేతో?"

"మేత లెక్కేసుకుంటా కూర్చుంటే చెరువే ఖాళీ అయిపోద్దండీ, ఆయ్!"

అలా అన్న పావుగంటకే ఆయన మళ్లీ ఆసులతోనే, మళ్లీ అలాంటి రైజ్‌కే కాల్ చేశారు. చెరువు దగ్గర అంత తెలివిగా ఉన్న మనిషి పేక దగ్గరికొచ్చేసరికి పెట్టిన 1,700 వైపే చూస్తున్నారు. ఆ 1,700 పాట్‌లో పడ్డప్పుడే ఆయనది కాకుండా పోయింది. ఇప్పుడు ఆయన చేతిలో ఉన్న నిర్ణయం 2,200 గురించి మాత్రమే.

అపోహ: వదిలేశాక వాడు బ్లఫ్ (చెత్త ముక్కలతో బెదిరించడం) చూపిస్తే మన ఫోల్డ్ తప్పైనట్టే.

కాదు. దీనికి రాత్రుళ్లు నిద్రపోనివాళ్లను చూశాను, వాళ్లంటే నిజంగా జాలి. పై లెక్కే మళ్లీ చూడండి. మీకు కావాల్సింది నూటికి 28. ఐదుసార్లలో ఒకసారి ఆయన ఉత్తుత్తిగా పెంచినా మీరు గెలిచేది 20 దగ్గరే ఆగుతుంది. ఆ ఒక్కసారి ముక్కలు తిప్పి నవ్వితే నవ్వనివ్వండి, మీ ఫోల్డ్ అప్పుడూ సరైనదే. టెన్షన్ పడాల్సిందేమీ లేదు.

ఇక్కడే ఎవరో ఒకరు 2003 వీడియో తీసుకొస్తారు. లాస్ వేగాస్‌లో జరిగే వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ మెయిన్ ఈవెంట్‌లో చివరికి మిగిలిన ఇద్దరు శామ్ ఫర్హా, క్రిస్ మనీమేకర్. ఫర్హా దగ్గర రాణి, తొమ్మిది. బోర్డు మీద అన్నిటికన్నా పెద్దది తొమ్మిదే, అంటే టాప్ పెయిర్. మనీమేకర్ దగ్గర రాజు, ఏడు. ఫ్లష్ కోసం, స్ట్రెయిట్ కోసం ఎదురుచూసి రెండూ తప్పాక ఉన్నదంతా తోసేశాడు. ఫర్హా చాలాసేపు ఆలోచించి వదిలేశాడు. చివరికి 25 లక్షల డాలర్లతో టైటిల్ అకౌంటెంట్ మనీమేకర్‌కే దక్కింది. "చూశారా మాస్టారూ, వదిలితే ఏమైందో!" అంటారు. ఆ బ్లఫ్‌ను ఇన్నేళ్లయినా చెప్పుకుంటున్నారంటే అలాంటివి ఎంత అరుదో ఆలోచించండి. పైగా మీ ముందు కూర్చున్న పెద్దాయన మనీమేకర్ కాదు, రివర్‌లో రైజ్ చేయాలంటే ఆయనకే చేతులు వణుకుతాయి.

అపోహ: అయితే గట్టిగా వేసినప్పుడల్లా వదిలేస్తే సరి.

ఇది నా పాఠం సగం విని వెళ్లినవాళ్ల మాట. పాట్ 1,000 ఉన్నప్పుడు ఎదుటివాడు 1,000 వేస్తే, మీరు సగానికి మించి వదిలేసిన పక్షంలో వాడు చెత్త ముక్కలతో కూడా లాభపడతాడు. సెట్ పడిందా, బోర్డు మీద స్ట్రెయిట్‌కీ ఫ్లష్‌కీ దారి లేదా, డబ్బంతా లోపలికి పోనివ్వండి. అంతకన్నా పెద్ద సెట్ ఎదురైతే అది మీ ఖర్మ. 2008 మెయిన్ ఈవెంట్‌లో నాలుగు ఆసులు పట్టుకున్న మోటోయుకి మబుచి, జస్టిన్ ఫిలిప్స్ రాయల్ ఫ్లష్ (పోకర్‌లో అన్నిటికన్నా పెద్ద చేయి) చేతిలో ఓడిపోయాడు. దాన్ని ఎవడూ వదలలేడు, వదలమని నేనూ చెప్పను.

అపోహ: ఆసులు పదే పదే ఓడుతున్నాయంటే యాప్‌లో మోసం ఉన్నట్టే.

ఏమొచ్చాయో తెలియని ఒక్క ప్రత్యర్థి మీద ఆసులు గెలిచేది నూటికి 85. నలుగురిని లోపలికి రానిస్తే 56 దగ్గరకి దిగిపోతుంది. ఫ్లాప్‌కి ముందు పెంచకుండా ఊరంతటినీ పిలిచి, ఓడిపోయాక సాఫ్ట్‌వేర్‌ను తిట్టడం ఎందుకు?

అపోహ: పేకాట స్కిల్ గేమ్ అని సుప్రీంకోర్టే చెప్పింది, కాబట్టి ఆన్‌లైన్‌లో డబ్బుకి ఆడొచ్చు.

1968 తీర్పు రమ్మీ గురించి. మూడు ముక్కలాటను అందులోనే వేరుగా పెట్టారు. ఆంధ్రప్రదేశ్‌లో 2020లోనే ఆన్‌లైన్ డబ్బు ఆటల్ని ఆపేశారు. 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టమైతే నైపుణ్యమా, అదృష్టమా అన్న తేడా కూడా చూడలేదు. వాట్సాప్‌లో తిరిగే "మా యాప్‌కి పర్మిషన్ ఉంది" ఫార్వర్డ్‌లు నాకు పంపకండి.

అపోహ: బాగా నేర్చుకుంటే పోయింది రాబట్టుకోవచ్చు.

అప్పు తీర్చాలని నేర్పమంటూ వచ్చేవాళ్లకు నేను ముక్కలు పంచను. పాట్‌లో పడ్డ 1,700 కోసం ఇంకో 2,200 వేయడమే అది కూడా, కాకపోతే ఇక్కడ పోయేది చింతపిక్కలు కాదు. అరుగు మీద కూర్చోబెట్టి టీ ఇచ్చి ఇంట్లోవాళ్లకు చెప్పారా అని అడుగుతాను. చాలామంది చెప్పి ఉండరు. ఆ విషయం ఇంట్లో ఎలా ఎత్తాలో తెలియక, నిద్ర లేక నలిగిపోతున్నవాళ్లు 14416కి ఫోన్ చేయవచ్చు. అది ప్రభుత్వ టెలీ మానస్ నంబరు, డబ్బు తీసుకోరు, తెలుగులోనే మాట్లాడతారు.