బంతి పైన ఆగిన క్షణం

బంతిని నిటారుగా పైకి విసిరాం. అది ఎక్కేకొద్దీ నెమ్మదించి, చిట్టచివర ఆగి, కిందికి మళ్లుతుంది. ఆగిన ఆ క్షణంలో దాని వేగం సున్నా. మరి త్వరణం, అంటే ఆ వేగం మారే తీరు? ఫిజిక్స్ కొత్తగా మొదలుపెట్టినవాళ్లలో చాలామంది "అదీ సున్నానే" అంటారు. అదే నిజమైతే బంతి కిందికి రానే రాకూడదు. వేగం సున్నా అయి, అది మారడం కూడా ఆగిపోతే బంతి గాలిలో అలాగే నిలిచిపోవాలి కదా!

ఈ చిక్కంతా పదాల దగ్గరే మొదలవుతుంది. మామూలు మాటల్లో మనం అన్నిటినీ 'స్పీడ్' అనో 'వేగం' అనో అనేస్తాం. ఎంత జోరుగా పోతోందో చెప్పేది వడి. దానికి దిశ కూడా కలిస్తే వేగం. ఆ వేగం ఒక్కో సెకనుకు ఎంత మారుతోందో చెప్పేది త్వరణం. ఇందులో వడి అంటే, 'వడివడిగా నడిచాడు' అంటామే, ఆ వడే. ఇంత చక్కని మాట పాఠ్యపుస్తకం దాటి బయటికి రాకపోవడం నాకు బాధగా ఉంటుంది.

ఇప్పుడు లెక్క చూద్దాం. పై దిశను ప్లస్ అనుకుందాం, గాలి నిరోధాన్ని పక్కన పెడదాం. బంతిని సెకనుకు 19.6 మీటర్ల వేగంతో విసిరితే, ఒక సెకను తర్వాత దాని వేగం 9.8. రెండు సెకన్లకు 0. మూడు సెకన్లకు మైనస్ 9.8. నాలుగో సెకను చివర మైనస్ 19.6 వేగంతో తిరిగి చేతిలో పడుతుంది. ప్రతి సెకనుకూ సరిగ్గా 9.8 తగ్గుతూ వచ్చింది. ఎక్కేటప్పుడూ, దిగేటప్పుడూ, పైన ఆగిన క్షణంలోనూ త్వరణం అదే. మధ్యలో కనిపించిన సున్నా, ప్లస్ నుంచి మైనస్‌కు వెళ్లే దారిలో తగిలిన ఒక అంకె, అంతే.

ఈ అంకెలే ఇంకో అపోహను కూడా తీరుస్తాయి. త్వరణం మైనస్ అయితే వడి తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. బంతి దిగేటప్పుడూ త్వరణం మైనస్సే, అయినా వడి పెరుగుతోంది! వేగం, త్వరణం ఒకే వైపు ఉంటే వడి పెరుగుతుంది. ఎదురెదురుగా ఉంటే తగ్గుతుంది.

ఒకదానికొకటి అడ్డంగా, లంబంగా ఉంటే? వడి మారదు, దారి వంగుతుంది. చంద్రుడు సెకనుకు సుమారు 1 కిలోమీటరు వడితో పోతుంటాడు. భూమి ఆకర్షణ అతణ్ణి ఆ ఒక్క సెకనులో తిన్నని దారి నుంచి మనవైపు జరిపేది దాదాపు 1.4 మిల్లీమీటర్లే. క్షణక్షణమూ పడే ఆ కాస్త వంపే చంద్రుణ్ణి 27 రోజులకోసారి భూమి చుట్టూ తిప్పుతోంది.