కొండ ఎక్కడంలో కిడ్నీల పని

ఢిల్లీలో పొద్దున్నే విమానం ఎక్కితే గంటన్నరలో లేహ్‌లో ఉంటాం. దిగిన పూట అంతా హుషారే, ఫొటోలు, టీలు, మార్కెట్లో తిరుగుళ్లు. రాత్రికి తల పగిలిపోతుంటుంది, తిండి సహించదు, నిద్ర పట్టదు, పట్టినా ఊపిరాడనట్టయి దిగ్గున లేచి కూర్చుంటాం. రోజూ పది కిలోమీటర్లు పరిగెత్తేవాళ్లనూ ఇది వదలదు, ఒక్కోసారి వాళ్లకే ఎక్కువ, ఎందుకంటే ఒంట్లో సత్తువ ఉంది కదా అని తొందరపడేది వాళ్లే.

పైన ఆక్సిజన్ తక్కువ అంటుంటారు గానీ దాని శాతం ఏమీ తగ్గదు. విశాఖ బీచ్‌లోనూ 21 శాతమే, ఎవరెస్ట్ కొన మీదా 21 శాతమే. తగ్గేది గాలి ఒత్తిడి. దూది పరుపులు దొంతరగా పేరిస్తే అడుగుది అణిగి గట్టిపడుతుంది, పైది వదులుగా ఉంటుంది చూడండి, గాలి సంగతీ అంతే. 3,500 మీటర్ల లేహ్‌లో ఒత్తిడి మన తీరంలో ఉన్నదానిలో మూడింట రెండు వంతులు, 5,364 మీటర్ల ఎవరెస్ట్ బేస్ క్యాంప్‌లో సగం, 8,849 మీటర్ల కొన మీద మూడో వంతు. ఆ కొన మీద నీళ్లు 70 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి, ఇక అన్నం ఏం ఉడుకుతుంది!

గాలి పలచబడగానే మెడలోని రక్తనాళాల దగ్గరున్న చిన్న కణుపులు ఆ సంగతి పసిగట్టి, గబగబా ఊపిరి తీయమని మెదడుకు చెబుతాయి. తీస్తాం. కానీ అలా తీసినకొద్దీ ఒంట్లోంచి కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా బయటికిపోయి రక్తం క్షారం వైపు జరుగుతుంది, అది చూసి మెదడు ఊపిరికి బ్రేకు వేస్తుంది. ఈ పేచీ నిద్రలో బయటపడుతుంది. కొన్ని సెకన్లు ఊపిరి ఆగడం, ఆ వెంటనే ఎగశ్వాస, మళ్లీ ఆగడం. పక్కన పడుకున్నవాళ్లకి టెన్షనే. దీన్ని తీర్చేది కిడ్నీలు. రక్తంలో ఎక్కువైన బైకార్బొనేట్ అనే క్షార పదార్థాన్ని మూత్రంలో పంపేస్తే బ్రేకు వదులవుతుంది, కానీ వాటికి కొన్ని రోజులు పడుతుంది. డాక్టర్లు రాసే డయామాక్స్ మాత్ర చేసేది కూడా ఆ పనిని తొందరపెట్టడమే. ఎర్ర రక్తకణాలు పెరగడం వేరే కథ, దానికి వారాలు కావాలి. 3,000 మీటర్లు దాటాక రాత్రి పడుకునే చోటు ఎత్తు రోజుకి 500 మీటర్లకు మించి పెంచొద్దు అనే నియమం కిడ్నీలకి ఆ సమయం ఇవ్వడానికే.

నిజామాబాద్ జిల్లా అమ్మాయి మాలావత్ పూర్ణ 2014 మే 25న టిబెట్ వైపు నుంచి ఎవరెస్ట్ ఎక్కినప్పుడు ఆమెకి పద్నాలుగేళ్లు నిండలేదు. భువనగిరి గుట్ట మీద తాడు పట్టడం, రాతిని నమ్మడం నేర్చుకోవచ్చు, పలచటి గాలి మాత్రం అక్కడ దొరకదు. డార్జిలింగ్, లడఖ్ శిక్షణలు ఆమెకి వేరేగా అవసరమైంది అందుకే.

ఒంటికి ఎత్తు అలవాటయ్యే వ్యవధి ఇవ్వకపోతే ఊపిరితిత్తుల్లో నీరు చేరొచ్చు, మెదడు వాయొచ్చు. తాగినవాడిలా తూలుతూ నడుస్తుంటే ఇంకేం ఆలోచించకుండా కిందికి దించేయాలి, తెల్లారాక చూద్దాం అనుకోకూడదు.

1978 మే 8న మెస్నర్, హాబెలర్ అనే ఇద్దరు పర్వతారోహకులు ఆక్సిజన్ సిలిండర్లు లేకుండా ఎవరెస్ట్ ఎక్కేదాకా, అది మనిషి వల్ల కాదనే చాలామంది అనుకున్నారు. 1981లో క్రిస్ పిజో అనే డాక్టరు కొన మీదే గాలి ఒత్తిడి కొలిస్తే 253 మిల్లీమీటర్ల పాదరసం వచ్చింది, మామూలు సూత్రంతో లెక్కగట్టినదానికన్నా ఎక్కువ. భూమధ్యరేఖ వైపు వాతావరణం మందంగా ఉంటుంది, ఎవరెస్ట్ ఉన్నది 28 డిగ్రీల అక్షాంశం దగ్గర. అదే ఎత్తు కొండ అలాస్కాలో ఉంటే సిలిండర్ లేకుండా ఎక్కడం బహుశా ఎవరి వల్లా అయ్యేది కాదు. చలికాలంలో ఆ ఒత్తిడి ఇంకా పడిపోతుంది. అలాంటి డిసెంబరులో, 1987లో, అంగ్ రీటా షెర్పా సిలిండర్ లేకుండా పైకెళ్లి వచ్చాడు. షెర్పాల్లో, టిబెటన్లలో చాలామందికి ఈపాస్1 అనే జన్యువులో ఒక తేడా ఉంటుంది, దానివల్ల ఎంత ఎత్తులో బతికినా ఎర్ర రక్తకణాలు మరీ పెరిగిపోయి వాళ్ల రక్తం మనకిలా చిక్కబడదు. ఆ తేడా వాళ్లకి వచ్చింది డెనిసోవన్లనే అంతరించిపోయిన మానవజాతి నుంచి.