నిరూపణ లేని చిట్కాలు ఇంతగా ఎందుకు వ్యాపిస్తాయి? అపోహలు - వాస్తవాలు

సామాజిక మాధ్యమాల్లో తిరిగే రోజువారీ చిట్కాలను పరీక్షించి, వాటిలోని నిజానిజాలను తేల్చడం నా వృత్తి. నాకు వచ్చే సందేశాల్లో ఎక్కువ భాగం "ఇది నిజమేనా?" అన్న ప్రశ్నతో వస్తాయి. అది అవసరమైన ప్రశ్నే. అయితే నిజమో కాదో ఎవరూ చూడకుండానే ఆ చిట్కా ఇన్ని చేతులు మారి నా దాకా ఎలా వచ్చిందన్న ప్రశ్న నాకు అంతకంటే ముఖ్యంగా తోస్తుంది. ఈ విషయంలో నేను తరచుగా వినే అపోహలను ఇక్కడ పరిశీలిస్తున్నాను.

అపోహ: ఇటువంటి చిట్కాలను పంపేది చదువు లేనివారు, అమాయకులు.

వాస్తవం: నాకు వీటిని పంపేవారిలో ఇంజినీర్లు, ఉపాధ్యాయులు, నర్సులు కూడా ఉన్నారు. పంపడం, నమ్మడం ఒకటే అనుకోవడం దగ్గరే పొరపాటు మొదలవుతోంది. 2021లో నేచర్ పత్రికలో వెలువడిన ఒక పరిశోధనలో వార్తా శీర్షికలు చూపించి, ఇవి నిజమా కాదా అని కొందరిని, వీటిని పంచుకుంటారా అని మరికొందరిని అడిగారు. మొదటివారు నిజాన్ని, అబద్ధాన్ని చాలావరకు వేరు చేయగలిగారు. రెండోవారి ఎంపికల్లో మాత్రం ఆ తేడా అంతగా కనిపించలేదు. చిట్కాల విషయంలో ఈ తేడా ఇంకా సహజమని నా అభిప్రాయం. పంపేవారి మనసులో ఆ క్షణాన ఉండేది "ఎవరికైనా పనికొస్తుంది" అన్న మంచి ఉద్దేశమే; దాన్ని తెలివితక్కువతనంగా కొట్టిపారేస్తే అసలు కారణం మన చూపు నుంచి తప్పిపోతుంది.

అపోహ: "నేను చేసి చూశాను, పని చేసింది" అని ఒకరు చెబితే చిట్కా రుజువైనట్టే.

వాస్తవం: చిట్కాలకు కాళ్లొచ్చేది ఈ ఒక్క వాక్యంతోనే. తడిసిన ఫోన్‌ను బియ్యంలో పెట్టమనే సలహానే తీసుకోండి. నా మిత్రుడొకరు నీళ్లలో పడిన ఫోన్‌ను రెండు రోజులు బియ్యపు డబ్బాలో ఉంచి, అది మళ్లీ ఆన్ కాగానే ఎంతో సంతోషంగా తెలిసిన వారందరికీ చెప్పారు. మూడు నెలల తర్వాత ఛార్జింగ్ ఎక్కడం ఆగిపోయింది. మరమ్మతు బల్ల మీద దాన్ని విప్పినప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఛార్జింగ్ రంధ్రం అడుగున బియ్యపు పొడి తడికి ముద్దయి, తర్వాత ఎండి, గట్టిగా అతుక్కుపోయి ఉంది. లోపలి పిన్నుల మీద పచ్చటి చిలుము పట్టి ఉంది. ఆ రెండు రోజుల్లో నీరు ఆవిరైన మాట నిజమే, కానీ గాలి తగిలే చోట ఊరికే ఉంచినా ఆవిరయ్యేది. నీటిలోని లవణాలు మాత్రం లోపలే మిగిలి లోహాన్ని తింటూ వచ్చాయి. బియ్యపు రేణువులు ఫోన్‌ను పాడుచేయవచ్చు కాబట్టి అలా చేయవద్దని, గాలి ఆడే పొడి చోట ఉంచమని ఆపిల్ సంస్థ కూడా తన సహాయ సూచనల్లో చెబుతోంది.

ఫోన్ బతికినవారు బియ్యం గొప్పదని అందరికీ చెబుతారు. బతకనివారు "నీళ్లు బాగా లోపలికి పోయినట్టున్నాయి" అని సరిపెట్టుకుంటారే తప్ప చిట్కాను తప్పుపట్టరు. ఏమీ చేయకుండా పక్కన పెట్టగా బాగైపోయిన ఫోన్ల గురించి చెప్పుకోవడానికి కథే ఉండదు. అందువల్ల మన చెవిన పడేవి దాదాపు విజయాలే. ఎక్కిళ్లకు ఇన్ని రకాల చిట్కాలు ఉండటానికీ ఇదే కారణం: మామూలు ఎక్కిళ్లు కొద్ది నిమిషాల్లో వాటంతట అవే ఆగిపోతాయి కనుక, చివరగా చేసిన పనికి ఆ పేరు దక్కుతుంది. అందుకే ఏ చిట్కా ఎదురైనా నేను ముందుగా వేసుకునే ప్రశ్న, ఇది చేయకపోతే ఏమయ్యేది అన్నదే.

అపోహ: వీడియోలో కళ్లారా కనిపిస్తుంటే సందేహం దేనికి?

వాస్తవం: కంటికి కనిపించే మార్పు వేరు, జరిగిన పని వేరు. వంట సోడా మీద వెనిగర్ పోస్తే నురగ ఉప్పొంగుతుంది. చూసేవారికి మురికి కరిగిపోతున్నట్టే అనిపిస్తుంది. నిజానికి ఆమ్లం, క్షారం ఒకదానినొకటి తటస్థం చేసుకోగా కార్బన్ డయాక్సైడ్ బుడగలుగా పోతుంది, సోడియం అసిటేట్ కలిసిన నీరు మిగులుతుంది. వెనిగర్ విడిగా సున్నపు పొరను కరిగించగలదు, వంట సోడా విడిగా రుద్దడానికి పనికొస్తుంది. కలిపితే రెండింటి బలమూ పోతుంది. ఇక రుద్దిన సమయాన్ని, వాడిన సబ్బును కత్తిరించేసి, ముందూ వెనుకా రెండు దృశ్యాలు మాత్రమే అతికించిన వీడియోలో మనం చూసేది ఫలితాన్నే, కారణాన్ని కాదు.

అపోహ: ఇదంతా బాట్ల (మనుషుల్లా ఖాతాలు నడిపే కంప్యూటర్ ప్రోగ్రాముల) పని.

వాస్తవం: 2006 నుంచి 2017 వరకు ట్విట్టర్‌లో తిరిగిన సుమారు 1,26,000 వార్తా కథనాలను పరిశీలించి 2018లో సైన్స్ పత్రికలో ప్రచురించిన అధ్యయనంలో, నిజం కంటే అబద్ధం మళ్లీ పంచుకోబడే అవకాశం 70 శాతం ఎక్కువని తేలింది. బాట్లను లెక్క నుంచి తీసేసినా ఫలితం మారలేదు. ఆ అధ్యయనం వార్తల గురించే అయినా, అబద్ధంలోని కొత్తదనమే మనుషులను ఆకర్షిస్తోందన్న దాని వివరణ చిట్కాలకూ వర్తిస్తుందని నా అనుభవం చెబుతోంది.

అపోహ: ఇన్నేళ్లుగా ఇంతమంది చెబుతున్నారంటే అందులో ఎంతో కొంత నిజం ఉండే ఉంటుంది.

వాస్తవం: కొన్ని వాక్యాలను రెండేసి వారాల ఎడంతో మూడుసార్లు వినిపిస్తే, పదేపదే విన్నవాటిని జనం మరింత నిజమని భావించారని 1977లోనే ఒక ప్రయోగం చూపింది. దొంగ బెదిరిస్తున్నప్పుడు ఏటీఎంలో పిన్ అంకెలను చివరి నుంచి మొదటికి తిరగేసి నొక్కితే పోలీసులు వస్తారన్న సందేశం ఇప్పటికీ తిరుగుతూనే ఉంది. 2010లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ విడుదల చేసిన నివేదిక ప్రకారం, అటువంటి అత్యవసర పిన్ ఏర్పాటు అప్పటివరకు ఏ ఏటీఎంలోనూ అమలు కాలేదు. 1221 వంటి పిన్ ఉన్నవారు దాన్ని తిరగేసి ఎలా నొక్కుతారని ఒక్క క్షణం ఆలోచించినా అనుమానం రావాలి; ఎన్నోసార్లు విన్న మాట కావడంతో ఆ ఆలోచనే రాదు.

అపోహ: పని చేయకపోయినా పోయేదేముంది?

వాస్తవం: నన్ను అన్నింటికంటే బాధపెట్టే మాట ఇదే. శుభ్రం చేసే శక్తి పెరుగుతుందని బ్లీచ్‌లో వెనిగర్ కలిపితే విషపూరితమైన క్లోరిన్ వాయువు వెలువడుతుంది; తలుపులు మూసిన స్నానాల గదిలో అది ప్రాణాంతకం కావచ్చు. కాలిన చోట టూత్‌పేస్ట్ రాస్తే వేడి లోపలే నిలిచిపోతుంది, ఇన్ఫెక్షన్‌కు దారి తీయవచ్చు, వైద్యులు గాయాన్ని చూడాలంటే ముందు ఆ పూతను తుడవాల్సి వస్తుంది. అంతకంటే ముఖ్యంగా, ఆ పూత రాసే సమయంలో చేయవలసిన పని ఆగిపోతుంది. ఆ పని ఏమిటంటే, కాలిన భాగాన్ని వెంటనే చల్లటి ధారగా పడే నీటి కింద 20 నిమిషాలు ఉంచడం. దీన్ని వీడియోగా తీస్తే 20 నిమిషాల పాటు కుళాయి కింద కదలకుండా ఉన్న ఒక చెయ్యి తప్ప చూడటానికి ఇంకేమీ ఉండదు.