‘చారిత్రక మలుపు’ అని పేరు పెడితే సరిపోదు: చరిత్ర ప్రాజెక్టుల మీద అపోహలు, వాస్తవాలు

తిరుపతిలో డిగ్రీ పిల్లలకు చరిత్ర చెబుతాను. ప్రాజెక్టుల కాలం వచ్చిందంటే నా టేబుల్ మీద స్పైరల్ బైండింగులు పేరుకుపోతాయి. చౌరీచౌరా, ఉప్పు సత్యాగ్రహం, క్విట్ ఇండియా, ఎమర్జెన్సీ, 1991 ఆర్థిక సంస్కరణలు... ఏది చేతికొచ్చినా అట్ట మీద ‘ఒక చారిత్రక మలుపు’ అని ఉంటుంది. లోపలికి వెళ్తే ఆ మలుపు ఎక్కడుందో వెతుక్కోవాలి. పిల్లలు కష్టపడలేదని అనను. నిద్ర మానుకుని రాసినవే చాలా ఉంటాయి. కాకపోతే హాస్టల్ గదుల్లో, వాట్సాప్ గ్రూపుల్లో సీనియర్లు చెప్పే మాటలు నమ్మి ఆ కష్టమంతా తప్పు చోట పెడుతుంటారు. ఆ మాటల్లో కొన్నింటి సంగతి ఈసారి తేల్చేస్తాను.

అపోహ: మలుపు అని పుస్తకంలోనే ఉంది కదా, జరిగింది జరిగినట్టు రాస్తే చాలు.

మార్కులు పోయేది ఇక్కడే. మిగతా తప్పులన్నీ కలిపినా దీనికి సరిరావు.

ఆంధ్ర రాష్ట్ర అవతరణ తీసుకుందాం, మా దగ్గర ఏటా ఎవరో ఒకరు దాన్నే ఎంచుకుంటారు. మొదటి అధ్యాయం శాతవాహనులు. (ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు.) రెండోది విజయనగరం. ఆ తర్వాత 1913 బాపట్ల ఆంధ్ర మహాసభ, 1937 శ్రీబాగ్ ఒడంబడిక (కోస్తా, రాయలసీమ నాయకుల ఒప్పందం), 1948 ధార్ కమిషన్ (భాషా రాష్ట్రాల సంగతి చూడటానికి వేసినది), 1949 జె.వి.పి. నివేదిక (అదే విషయం మీద జవహర్‌లాల్, వల్లభ్‌భాయ్, పట్టాభిల కాంగ్రెస్ కమిటీ ఇచ్చినది). 1952 అక్టోబర్ 19న పొట్టి శ్రీరాములు దీక్ష మొదలు, డిసెంబర్ 15న మరణం, 19న లోక్‌సభలో నెహ్రూ ప్రకటన, 1953 అక్టోబర్ 1న కర్నూలు రాజధానిగా రాష్ట్రం. ఆఖరి వాక్యం కూడా నాకు కంఠస్థమే: ‘ఈ విధంగా ఆంధ్రుల చిరకాల స్వప్నం సాకారమైనది.’

తేదీల్లో తప్పు పట్టడానికి ఏమీ ఉండదు. అయినా ఇదంతా ఏ గైడు పుస్తకంలోనైనా దొరికేదే. రాసినవాళ్లు ఏం కనుక్కున్నారు, ఏం తేల్చారు అంటే జవాబు లేదు.

పాకాల నుంచి రోజూ వచ్చి చదువుకునే ఒక అబ్బాయి ఇలాంటిదే తెచ్చాడు. అడిగాను: ‘శ్రీరాములు గారికి ముందు ఏడాది, 1951లో, స్వామి సీతారాం ఇదే కోరికతో ముప్పై అయిదు రోజులు నిరాహారదీక్ష చేసినారు కదా నాయనా, అప్పుడు రాష్ట్రం ఎందుకు రాలేదు?’

‘వినోబా చెబితే ఆయన విరమించేసినారు మేడమ్. చనిపోలేదు కదా.’

జవాబు బాగానే ఉంది. ‘అయితే తేడా అంతా చావు ఒక్కటేనా? ఆ దీక్షకూ ఈ దీక్షకూ మధ్య ఇంకేమీ జరగలేదా?’

తల గోక్కున్నాడు. బైండింగు వెనక్కి తీసుకుపోయాడు. మళ్లీ వచ్చినప్పుడు గుమ్మంలోనే అందుకున్నాడు: ‘మధ్యలో ఎలక్షన్లు జరిగినాయి మేడమ్!’

అవును, జరిగాయి. 1952 మొదట్లో తొలి సాధారణ ఎన్నికలు. మద్రాసు శాసనసభలో 375 స్థానాలుంటే కాంగ్రెస్‌కు వచ్చినవి 152. తెలుగు జిల్లాల్లో కాంగ్రెస్ గట్టి దెబ్బ తింది, కమ్యూనిస్టులు బలంగా వచ్చారు. మెజారిటీ లేని చోట ప్రభుత్వం నిలబెట్టడానికి రాజాజీని తెచ్చి ముఖ్యమంత్రిని చేశారు. 1951లో ‘తర్వాత చూద్దాం’ అనగలిగిన పార్టీకి 1952 చివరికి ఆ మాట అనడం కష్టమైంది. ఇప్పుడు ఆ అబ్బాయి చేతికి ఒక ప్రశ్న దొరికింది: దారి మళ్లించింది దీక్షా, లేక ఎన్నికలు అప్పటికే మళ్లించిన దారిని దీక్ష బయటపెట్టిందా? మరణం ముహూర్తం పెట్టింది, ‘కాదు’ అనలేని పరిస్థితి మాత్రం ఎన్నికలు తెచ్చినదే అని తేల్చాడు. మీకు అది నచ్చకపోవచ్చు, నాకూ పూర్తిగా నచ్చలేదు. కానీ దానితో వాదించవచ్చు. శాతవాహనులతో ఏం వాదిస్తాం?

కాబట్టి రాయడానికి కూర్చునేముందు, ఆ సంఘటనకు ముందు వ్యవహారం ఎటు నడుస్తోందో ఒక పేజీలో చెప్పగలరా అని చూసుకోండి. ఇక్కడైతే ధార్ కమిషన్ భాషా రాష్ట్రాలు వద్దంది. జె.వి.పి. వాళ్లు వాయిదా వేయమన్నారు. తర్వాత ఏం మారిందో పేరు పెట్టి చెప్పండి. 1953 డిసెంబర్‌లో రాష్ట్రాల పునర్విభజన కోసం ఫజల్ అలీ కమిషన్ వేశారు, 1956లో పునర్విభజన చట్టం చేశారు, దేశం 14 రాష్ట్రాలు, 6 కేంద్రపాలిత ప్రాంతాలుగా మారింది. ఢిల్లీ ‘వద్దు’ అన్న పనినే నాలుగేళ్లలో దేశమంతా చేయాల్సి వచ్చింది. మన రాష్ట్రం కథ ‘జాతీయ చరిత్రలో మలుపు’ అయ్యేది ఈ ఒక్క కారణంతోనే. అదే చాలామంది చివర రెండు లైన్లలో తోసేస్తారు.

ఇక మారనిదేంటో ఎవరూ రాయరు, నేను దానికోసమే చూస్తాను. శ్రీరాములు దీక్ష మద్రాసు నగరంతో కూడిన ఆంధ్ర కోసం. నెహ్రూ ప్రకటించింది మద్రాసు లేని ఆంధ్ర. సీమకు రెండో విశ్వవిద్యాలయ కేంద్రం అనంతపురంలో అని శ్రీబాగ్‌లో ఒప్పుకున్నారు, 1954లో విశ్వవిద్యాలయం వచ్చింది తిరుపతికి. రోజూ ఎస్వీయూ గేటు ముందు నుంచే పోతుంటాం, ఒడంబడికతో పోల్చి చూడాలన్న ఆలోచన మాత్రం ఎవరికీ రాదు.

ఏటా నవంబర్ ఒకటో తేదీన వాట్సాప్‌లో తిరిగే ఒక ముక్క గురించీ చెప్పేస్తాను, దాన్ని యథాతథంగా ప్రాజెక్టుల్లోకి ఎక్కిస్తున్నారు కాబట్టి. పొట్టి శ్రీరాములు ‘ఆంధ్రప్రదేశ్ కోసం’ ప్రాణం ఇవ్వలేదు. తెలంగాణతో కలిసిన ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది 1956 నవంబర్ 1న, ఆయన పోయి దాదాపు నాలుగేళ్లయ్యాక. పెద్ద పదవుల్లో ఉన్నవాళ్ల పేర్లతో ఫార్వర్డ్ వచ్చినా అది తప్పే. దయచేసి నాకు పంపకండి.

అపోహ: పెద్దవాళ్లు చెప్పింది సాక్ష్యమే, అలాగే రాసేయొచ్చు. (దీనికి కవల: పెద్దవాళ్ల మాటలు చరిత్రలో పనికిరావు.)

మాది నగరి వైపు. మా మేనత్తను తిరుత్తణి దగ్గరి పల్లెకు ఇచ్చారు. ‘గాంధీ పోయిన ఏడే మమ్మల్ని అరవనాడులో కలిపేసినారు’ అని ఆమె చివరిదాకా చెప్పేది. గాంధీ పోయింది 1948లో. చిత్తూరు జిల్లాలోని తిరుత్తణి తాలూకాలో ఎక్కువ భాగం మద్రాసు రాష్ట్రానికి వెళ్లింది సరిహద్దు తగాదా తీర్చిన పటాస్కర్ సిఫారసుల మీద, 1959 చట్టంతో, 1960 ఏప్రిల్ 1 నుంచి. బదులుగా సత్యవేడు వైపు పల్లెలు మనకొచ్చాయి. అత్త చెప్పిన ఏడు పన్నెండేళ్లు అటూ ఇటూ అయింది. కానీ అదే నోటితో ఆమె ఇంకోటి చెప్పేది. పొలం తగాదాకు అంతకుముందు చిత్తూరు బస్సెక్కేవాళ్లట, ఆ తర్వాత మామ చెంగల్పట్టు పోవాల్సి వచ్చిందట, అక్కడ ఇచ్చిన కాగితం చదివిపెట్టడానికి ఊళ్లో ఒక్క అయ్యవారే దిక్కట. చదివిపెట్టినందుకు ఆయనకు ఒక పడి వేరుశనక్కాయలు. ఇది గెజిట్‌లో ఉండదు. తేదీకి చట్టం చూడండి, బతుకు ఎలా మారిందో తెలియడానికి అత్తను అడగండి. రెండూ పక్కపక్కన పెట్టి, ఎక్కడ కలవడం లేదో కూడా రాయండి. చెప్పినవాళ్ల వయసు, ఊరు, మీరు మాట్లాడిన తేదీ ఫుట్‌నోట్‌లో ఉండాలి. ‘ఒక వృద్ధురాలి కథనం ప్రకారం’ అంటే కుదరదు.

అపోహ: మన జిల్లాలో జాతీయ చరిత్ర ఏముంది?

ఉమ్మడి చిత్తూరు జిల్లానే తీసుకోండి. హైదర్ అలీ 1782 డిసెంబర్ 7న ఇంగ్లీషువాళ్లతో యుద్ధం మధ్యలో చనిపోయింది చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేటలో. టాగోర్ 1919లో ‘జనగణమన’ను ఇంగ్లీషులోకి తెచ్చుకున్నది మదనపల్లెలో. ఇక విజయనగర రాజులు ఏలిన చంద్రగిరి సరేసరి. ఇవన్నీ మలుపులు అని అనడం లేదు, అవునో కాదో మీరే తేల్చండి.

అపోహ: అసలు పత్రాలు చూడాలంటే ఢిల్లీ పోవాలి.

అక్కర్లేదు. రాజ్యాంగ సభ చర్చలు, లోక్‌సభ చర్చలు ఫోన్‌లోనే ఉచితంగా చదవొచ్చు. 1952 డిసెంబర్ 19 నాటి సభా కార్యక్రమం తెరిచి చదివిన పిల్లలు నా దగ్గరికి వచ్చేది అరుదు, అందుకే వచ్చినవాళ్లు నాకు గుర్తుండిపోతారు. 1953కు ముందు చిత్తూరు జిల్లా మద్రాసులో భాగం కాబట్టి ఆ కాలం రికార్డు చాలావరకు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉంటుంది. తెల్లారి రైలెక్కితే మధ్యాహ్నానికి ముందే అక్కడ ఉండొచ్చు. డిపార్ట్‌మెంట్ హెడ్ సంతకంతో ఉత్తరం పట్టుకుపోండి. ఏ శాఖ, ఏ ఏడు, ఏ జి.వో. అని ముందే రాసుకుపోండి, లేకపోతే రోజంతా కేటలాగు తిప్పడంతోనే సరి. 1911కు ముందు కాలమైతే ఇంకో చిక్కు: చిత్తూరు జిల్లా అనేదే లేదు. ఉత్తర ఆర్కాటు, కడప పేర్ల కింద వెతకాలి. ‘మా ఊరు ఎక్కడా కనపడలేదు మేడమ్’ అని వచ్చేవాళ్లలో సగం మంది కథ ఇదే.

మిగతావి గబగబా చెబుతాను.

పేజీలు ఎక్కువైతే మార్కులు ఎక్కువ: అబద్ధం. వంద పేజీల బైండింగు చూస్తే ఎక్స్‌టర్నల్ (బయటి కాలేజీ నుంచి వచ్చే పరీక్షకులు) భయపడతారు, మెచ్చుకోరు.

వికీపీడియా ముట్టుకోకూడదు: ముట్టుకోండి, చదవండి, కింద ఇచ్చిన ఆధారాల దగ్గరికి వెళ్లండి. దాన్నే ఆధారంగా చూపకండి, అంతే.

సాఫ్ట్‌వేర్ చూపే పోలిక పది శాతం లోపుంటే కాపీ కానట్టే: 2018 యూజీసీ నిబంధనల్లో పది శాతం దాకా శిక్ష లేదన్నది నిజమే. అంతమాత్రాన ఎవరి పేరా అయినా ఎత్తుకోవచ్చని కాదు. వైవాలో, అంటే నోటి పరీక్షలో, ‘ఈ పేరా మీ మాటల్లో చెప్పండి’ అంటే సాఫ్ట్‌వేర్ వచ్చి చెప్పదు.

చాట్‌జీపీటీ రాసిస్తుంది: రాసిస్తుంది. లేని పుస్తకాలకు పేజీ నంబర్లతో సహా ఆధారాలూ ఇస్తుంది. మేం ఆ పుస్తకం తెమ్మంటాం.

తెలుగులో రాస్తే తక్కువేస్తారు: పుత్తూరు నుంచి ఒక తల్లి ఇదే అడగడానికి బస్సెక్కి వచ్చింది. ‘మావాడికి ఇంగిలీసు అంతగా రాదు మేడమ్, ఎవరిదగ్గరో రాయించుకుందామంటున్నాడు, రెండువేలు అడుగుతున్నారంట.’ ఆ రెండువేలు ఇంట్లోనే పెట్టుకోమన్నాను. తెలుగు మీడియం వాడు తెలుగులో రాయడం హక్కు. ఒకరు రాసిచ్చిన ఇంగ్లీషు పట్టుకుని వైవాకు వస్తే రెండో ప్రశ్నకే దొరికిపోతాడు. భయపెట్టి డబ్బు గుంజే ఈ బేరం మీద నాకు ఒళ్లుమండుతుంది కానీ, ఆ తల్లి మీద ఎవరికి కోపం వస్తుంది? మూడు మజిలీల అవతల నుంచి వచ్చిన మాటను నమ్మి, నలిగిన ఫైలు పట్టుకుని గంటసేపు వరండాలో నిలబడింది.

అపోహ: ‘ఇది మలుపు కాదు’ అని రాస్తే ఫెయిల్ చేస్తారు.

పోయినసారి ఒక అమ్మాయి ఆ పనే చేసింది. మద్రాసు వదులుకుంటే ఆంధ్ర ఇవ్వొచ్చని 1949లోనే జె.వి.పి. నివేదికలో ఉంది, నెహ్రూ 1952లో ఒప్పుకున్నదీ మద్రాసు లేని రాష్ట్రానికే, కాబట్టి ఆంధ్ర వరకు ఇది మలుపు కాదు, మూడేళ్లు ఆలస్యమైన నిర్ణయం, అసలు మలుపు ఫజల్ అలీ కమిషన్‌తోనే అని రాసింది. వైవాలో ఎక్స్‌టర్నల్ ఒప్పుకోలేదు. ఇద్దరూ పట్టు వదల్లేదు, బయట క్యూలో ఉన్న పిల్లలు లోపలికి తొంగిచూశారు. ‘మరి ధార్ కమిషన్ వద్దన్న నాలుగు నెలలకే జె.వి.పి. ఆంధ్ర విషయంలో ఎందుకు మెత్తబడింది?’ అని ఆయన చివరగా అడిగారు. ఆమె బైండింగు తిప్పి, దాని మీద రాసుకున్న అధ్యాయం తీసి ఆయన ముందు పెట్టింది. మంచి మార్కులే పడ్డాయి.