తిరుపతి ఊళ్లో చూసేదేముంది? - అపోహలు, వాస్తవాలు

తొమ్మిదేళ్లుగా తిరుపతి పాత ఊరిని నడిపించి చూపించడం నా పని. యాత్రికుల దగ్గర రోజూ వినే మాట ఒకటే. చేతిలో దర్శనం టోకెన్ ఉంటుంది, దాని మీద టైము రాత్రి ఎనిమిదో తొమ్మిదో ఉంటుంది. అప్పటికి పొద్దున పది కూడా కాదు. "ఇంతసేపూ ఏం చేస్తారండీ?" అని అడిగితే, "ఏముంది మేడం, రూములో పడుకుంటాం. లేదంటే లోకల్ టెంపుల్స్‌కి కారు మాట్లాడుకుంటాం" అంటారు. పడుకుంటే రోజు పోతుంది, కారు మాట్లాడుకుంటే రోజుతో పాటు డబ్బు కూడా పోతుంది. మిగతా అపోహలు చాలానే ఉన్నాయి గానీ ముందు దీని సంగతి తేల్చాలి.

అపోహ: ఊరు చూడాలంటే ప్యాకేజీ కారు తప్పదు

పోయిన మాఘమాసంలో శ్రీకాకుళం నుంచి ఒక కుటుంబం వచ్చింది. కొడుకు, కోడలు, ఏడేళ్ల పాప, డెబ్బై దాటిన పెద్దావిడ. ఎవరో చెప్పారని 2,200 రూపాయలకు కారు మాట్లాడుకున్నారు. ఒక్క పూటలో అయిదు గుళ్లు. పదిన్నరకు బయల్దేరారు. ఒకచోట మధ్యాహ్నం తలుపులు వేసి ఉన్నాయి. ఇంకోచోట క్యూ కదల్లేదు. "ఇరవై నిమిషాల్లో వచ్చేయండన్నా, నాకు ఇంకో ట్రిప్పు ఉండాది" అన్నాడట డ్రైవరు. అతన్ని నేను తప్పు పట్టను. రోజుకు ఎన్ని ట్రిప్పులు పడితే అంత కూడు. ప్యాకేజీ అంటేనే అది. చివరికి మూడు గంటలకు గోవిందరాజస్వామి గుడికి చాలా దూరంలో కారు ఆపి, "ఇక్కణ్నించి నడిచి పోవాల" అన్నాడు. మరి ఆ వీధుల్లో కారు పట్టదు.

ఆ గుడి గాలిగోపురం ఎదురుగా ఒక అరుగు మీద కూలబడి ఉంది పెద్దావిడ. నేను వేరే వాళ్లను పంపించి వస్తూ మంచినీళ్లు ఇచ్చాను. "ఏటి చూసినామో ఏటోనమ్మా, కారే చూసినాం" అంది. ఎక్కడ దిగారని కొడుకుని అడిగితే విష్ణు నివాసం అన్నాడు. నా ప్రాణం ఉసూరుమంది. విష్ణు నివాసం అంటే టీటీడీ వసతి గృహం, రైల్వే స్టేషన్ ఎదురుగానే ఉంది. వాళ్లు డబ్బిచ్చి, ఊరంతా తిరిగి, చివరికి చేరిన చోటు వాళ్ల రూముకి నాలుగడుగుల దూరం. పొద్దున్నే కాఫీ తాగి నడిచొచ్చినా ఇక్కడికే వచ్చేవాళ్లు.

ఆ సాయంత్రం వాళ్లతో ఒక గంట ఉన్నాను. ఎక్కడికీ తీసుకెళ్లలేదు, గోపురం కిందే నిలబడ్డాం. ఏడంతస్తులు, దాదాపు 50 మీటర్ల ఎత్తు, 17వ శతాబ్దంలో మట్లి అనంతరాజు కట్టించాడు. అందరూ తల పైకెత్తి ఒక ఫోటో తీసుకుని లోపలికి పరిగెత్తుతారు. తల పక్కకు తిప్పమంటాను నేను. గోపుర ద్వారం లోపలి గోడల మీద రామాయణం చెక్కి ఉంది. కట్టించిన రాజు, ఆయన రాణులు ముగ్గురు కూడా ఆ రాతిలోనే ఉన్నారు. పెద్దావిడ దగ్గరికి వెళ్లి వేలు పెట్టి ఒకరు, ఇద్దరు, ముగ్గురు అని లెక్కపెట్టింది. పాప తనకు తెలిసిన కథ ఎక్కడుందో వెతుక్కుంటూ కోతులున్న చోట ఆగిపోయింది. పొద్దున్నించి అయిదు గుళ్ల దగ్గర నిలబడ్డ మనుషులు, మొదటిసారి ఒక రాయిని చూశారు.

లోపల స్వామి పడుకుని ఉంటాడు. కొండ మీది తమ్ముడి పెళ్లి అప్పుకు వడ్డీ కట్టడానికి డబ్బు కొలిచి కొలిచి అలిసిపోయి, ఆ కుంచమే తలగడగా పెట్టుకుని పడుకున్నాడని మా ఊళ్లో ప్రతి అవ్వా చెప్తుంది. ఆ కథ విన్నాక లోపలికి వెళ్తే దర్శనం వేరేగా ఉంటుంది. ఇంకో సంగతి. 1130లో రామానుజులవారు ఇక్కడ గోవిందరాజస్వామిని ప్రతిష్ఠించారని, గుడి చుట్టూ వీధులు తీర్చి జనాన్ని నిలిపారని చెప్తారు. ఇప్పటి తిరుపతికి అదే మొదలు. ఈమధ్య కొన్నేళ్లుగా ఫిబ్రవరి 24ను ఊరి పుట్టినరోజుగా జరుపుతున్నారు. అంటే మీరు "దారిలో తగిలే గుడి" అనుకుంటున్నదే ఈ ఊరికి బొడ్రాయి లాంటిది.

మరి కారు లేకుండా ఏం చూడాలి అంటే, నేను తీసుకెళ్లే దారి చెప్తాను. పొద్దున ఆరున్నరకు గోవిందరాజస్వామి గుడి దగ్గర మొదలుపెడతాను. ఆ వేళకు పూల అమ్మకం జోరుగా ఉంటుంది. కాలి బొటనవేలికి అరటినార తగిలించుకుని, ఎడమచేత్తో నాలుగు చామంతులు పేర్చి, కుడిచేత్తో ఒక్క మెలిక వేసి బిగిస్తారు. మధ్యలో మరువం రెబ్బ. మూర తయారవడానికి రెండు నిమిషాలు కూడా పట్టదు, చూపు మాత్రం వచ్చేపోయే జనం మీదే. ఒక అక్క దగ్గర నేను ఏళ్లుగా కొంటున్నాను, ఒక్కసారి కూడా ఆమె చేతివైపు చూసుకోగా చూడలేదు. అక్కణ్నించి తీర్థకట్ట వీధి, చిన్నబజారు వీధి, కోదండరామస్వామి గుడి, భేరీ వీధి. ఇత్తడి సామాన్ల కొట్లు, పసుపు కుంకుమ రాసులు, పాత ఇళ్ల అరుగులు, కొయ్య స్తంభాలు. అక్కడక్కడా ఇంకా మిగిలినవి కొన్నే, అందుకే త్వరగా చూడమంటున్నాను. చివర తాతయ్యగుంట గంగమ్మ గుడి. నిదానంగా నడిస్తే మూడు గంటలు. మోకాళ్ల నొప్పులున్న వాళ్లకు మధ్యలో ఆటో. దేశం నలుమూలల నుంచి వచ్చిన వాళ్లతో ఈ దారి నడిచాను, టైము దండగైందన్నవాళ్లు ఇంతవరకు లేరు.

కారు అసలు వద్దని కాదు. గుడిమల్లం వెళ్లాలంటే కారు పెట్టుకోండి, ప్రతి రూపాయికీ విలువ దక్కుతుంది. అక్కడున్నది క్రీస్తు పూర్వపు శివలింగం, పండితులు ఎక్కువమంది రెండో, మొదటి శతాబ్దానిదంటారు. లింగం మీదే నిలబడ్డ శివుణ్ని చెక్కారు. ఆ ఊరికి బస్సుల మీద వెళ్లి రావడం ముసలివాళ్లకు కష్టం. కారు అక్కడ వాడుకోవాలి గానీ, రూము పక్కనున్న గుడికి కాదు.

అపోహ: ఊళ్లోకి వెళ్తే దర్శనం టైము తప్పిపోతుంది

ఈ భయం ఉన్నవాళ్లంటే నాకు చాలా జాలి. నెలల ముందు అనుకుని, సెలవు పెట్టుకుని, రైల్లో కూర్చునే వచ్చి ఉంటారు. పొరపాటున ఆలస్యమైతే ఎలా అన్న టెన్షన్‌తో అన్నం కూడా సరిగా తినరు. వాళ్లను తొందరపెట్టకూడదు.

లెక్క మాత్రం ఇది. బస్టాండులో బస్సెక్కితే గంట అటూఇటూగా కొండ మీద ఉంటారు. టోకెన్ మీదున్న టైముకు నాలుగు గంటల ముందు బస్సెక్కమని నా దగ్గరికి వచ్చేవాళ్లకు చెప్తాను. కొండ కింద అలిపిరిలో తనిఖీ, సామాను అప్పగించడం, పిల్లలకు ఏదైనా తినిపించడం, అన్నీ అందులో సరిపోతాయి. రాత్రి తొమ్మిదికి టోకెన్ ఉంటే సాయంత్రం అయిదు దాకా మీరు ఊళ్లోనే ఉండొచ్చు. మెట్లదారిన నడిచే వాళ్ల లెక్క వేరు, వాళ్లు ఆ రోజు ఊరు పెట్టుకోకపోవడమే మంచిది. దర్శనం అయ్యాక, కాళ్లు తేరుకున్నాక మర్నాడు చూడండి.

అపోహ: గంగమ్మ జాతర బయటివాళ్లు చూసేది కాదు, బూతులు తిడతారు

బూతులు తిట్టడం నిజం. దాన్ని పట్టుకుని "అమ్మో, ఆ వారం తిరుపతి వెళ్లకండి, ఆడవాళ్లకు సేఫ్ కాదు" అని వాట్సాప్‌లో తిప్పేవాళ్లను చూస్తే మాత్రం ఒళ్లు మండుతుంది. అసలు కథే ఆడవాళ్ల మానం కాపాడిన కథ.

ఊరి ఆడపిల్లల్ని చెరబట్టే పాలెగాడు ఒకడుండేవాడట. వాణ్ని చంపడానికి గంగమ్మ పూనుకుంటే దాక్కున్నాడు. రోజుకో వేషం మార్చి వెతికింది. బైరాగి, బండ, తోటి. నాలుగో రోజు దొర వేషంలో వస్తే, ఎవరో దొర వచ్చాడనుకుని వాడు బయటికొచ్చాడు, అమ్మ తల నరికింది. ఆ మర్నాడు మాతంగి వేషంలో వెళ్లి వాడి పెళ్లాన్ని ఓదార్చింది. నాకు ఈ కథలో అన్నిటికన్నా ఇష్టమైన చోటు అదే. ఇప్పటికీ మే నెలలో జాతర జరిగే వారం రోజులూ అదే వరసలో జనం వేషాలు కడతారు. మాతంగి నాడు మగవాళ్లు చీర కడతారు. తిట్లు బండ వేషం నాటి ఆచారం. అవి మిమ్మల్ని కావు, ఎవర్నీ కావు, అమ్మ వాటికి కోపగించుకోదని నమ్మకం.

మా తమ్ముడికి తొమ్మిదో ఏట పెద్ద జ్వరం వచ్చి తగ్గింది. అమ్మ మొక్కుకుంది. మాతంగి నాడు వాడికి నా లంగా ఓణీయే కట్టారు. సవరం పెట్టి జడ వేసి, జడ నిండా మల్లెపూలు చుట్టి, కళ్లకు కాటుక పెట్టింది అమ్మ. అద్దంలో చూసుకుని వాడు ఏడవలేదు, నవ్వలేదు. గంభీరంగా నా గాజులు అడిగి వేసుకున్నాడు. గుడి దాకా వాడి చెయ్యి పట్టుకుని నడిచాను. దారిలో ముసలివాళ్లు వాడికి దండం పెట్టారు. ఇరవై ఏడేళ్లయింది. నా గాజులు వాడి చేతికి వదులై జారుతుంటే పైకి తోసుకుంటూ నడవడం ఇప్పటికీ కళ్లకు కడుతుంది.

కాబట్టి రండి. చిన్నపిల్లలుంటే చివరి రోజు తోపులాటకు తీసుకురాకండి, అంతవరకే. వేషం కట్టినవాళ్లు మొక్కులో ఉన్నవాళ్లు, అడక్కుండా మొహం మీద ఫోన్ పెట్టకండి. పూర్వం కొండెక్కే ముందు ఈ గంగమ్మకు మొక్కి వెళ్లేవారని పెద్దలు చెప్తారు. ఆమె శ్రీవారికి చెల్లెలు, జాతరకు టీటీడీ నుంచి సారె వస్తుంది. పుట్టింటి సారె వచ్చే గుడి బయటివాళ్లది కాకుండా ఎలా పోతుంది?

మిగతావి గబగబా చెప్పేస్తాను.

"కపిలతీర్థంలో ఎప్పుడూ జలపాతం ఉంటుంది." ఉండదు. ఫోన్లలో తిరిగే వీడియోలు ఈశాన్య రుతుపవనాల వానలప్పటివి. అక్టోబరు, నవంబరు, డిసెంబరుల్లో వాన పడ్డాక రండి, కొండ చీల్చుకుని దూకుతుంది. ఏప్రిల్లో వచ్చి సన్నటి ధార చూసి నన్ను అడిగితే నేనేం చెప్పను? వాన బాగా ఎక్కువైన రోజు మాత్రం గుండంలో స్నానానికి ఆశపడకండి.

"చంద్రగిరి కోట ఎప్పుడైనా చూడొచ్చు." శుక్రవారం రాజమహల్ మ్యూజియానికి సెలవు. చాలామంది శుక్రవారమే వెళ్తారు, గేటు చూసి వస్తారు. బస్సులు ఎన్నో ఉన్నాయి, అరగంట పైచిలుకు ప్రయాణం. విజయనగర రాజుల చివరి రాజధానుల్లో ఒకటి, 1639లో ఇంగ్లీషు కంపెనీకి మద్రాసులో స్థలం దక్కింది ఈ రాజుల ఏలుబడిలోనే. రాజమహల్‌లో కొయ్య వాడలేదు, రాయి, ఇటుక, సున్నంతోనే మూడంతస్తులు లేపారు. పైకప్పు కమానుల్ని చూస్తూ కాసేపు నిలబడండి.

"ఊళ్లో అందరూ మోసగాళ్లే." కాదు. స్టేషన్ బయట వెంటపడి "దర్శనం చేయిస్తాం, రూము ఇప్పిస్తాం" అనేవాళ్లు కొందరుంటారు, వాళ్లకు జవాబే ఇవ్వకండి. ఆటో ఎక్కే ముందు రేటు మాట్లాడుకోండి. అంతకు మించి జాగ్రత్త ఏ ఊళ్లోనూ అక్కర్లేనట్టే ఇక్కడా అక్కర్లేదు.

"శ్రీకాళహస్తి చూశాక ఇంకెక్కడికీ వెళ్లకూడదు, నేరుగా ఇంటికే." ఇది నమ్మకం, మీ పెద్దవాళ్లు పాటించమంటే పాటించండి, నేను వాదించను. గుడిమల్లం అదే దారిలో ఏర్పేడు దగ్గర ఉంది, కాళహస్తికి వెళ్లేటప్పుడే ముందుగా చూసుకుంటే సరిపోతుంది. కాళహస్తిలో కూడా గుళ్లోకి వెళ్లే ముందు ఒక గంట మిగుల్చుకుని కలంకారీ వేసేవాళ్ల ఇంటికి వెళ్లండి. వెదురు పుల్లకు నూలు చుట్టి, దాన్ని బెల్లంలో ఇనుప ముక్కలు నానబెట్టిన నల్లటి రంగులో ముంచి, బట్ట మీద గీత లాగుతారు. గీత మొదట బూడిద రంగులో కనబడి, చూస్తుండగానే నల్లబడుతుంది. ఆ బట్టను అంతకుముందే కరక్కాయ కలిపిన పాలల్లో నానబెట్టి ఎండేసి ఉంటారు. అడిగితే చేతికిస్తారు, వాసన చూడండి.