రెండు పాస్‌పోర్టులు, ఒకే జెర్సీ: ఫుట్‌బాల్‌లో ద్వంద్వ పౌరసత్వంపై అపోహలు – వాస్తవాలు

జగిత్యాల, కరీంనగర్, నిజామాబాద్ పల్లెల్లో గల్ఫ్‌కు పోని ఇల్లు అరుదు. హన్మకొండ కాలనీల్లో అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో కొడుకో బిడ్డో లేని ఇల్లు కూడా అంతే. అక్కడ పుట్టిన పిల్లలు ఇప్పుడు మంచి అకాడమీల్లో ఫుట్‌బాల్ నేర్చుకుంటున్నారు. సెలవులకు వచ్చి హన్మకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో మన పిల్లలతో ఆడుతుంటే, గట్టున కూర్చున్న తల్లిదండ్రులు అడిగేవి ఇంచుమించు ఒకే ప్రశ్నలు. వాటికి ఊళ్లో దొరికే జవాబుల్లో సగానికి పైగా తప్పే.

తప్పుకు మూలం ఒక్కటే: మూడు వేర్వేరు విషయాలను ఒకటిగా కలిపేయడం. పౌరసత్వం ఇచ్చేది ప్రభుత్వం. ఏ దేశపు జాతీయ జట్టుకు ఆడొచ్చో తేల్చేది ప్రపంచ ఫుట్‌బాల్ సమాఖ్య ఫిఫా. క్లబ్బులో స్వదేశీ లెక్కా, విదేశీ లెక్కా అన్నది ఆ లీగ్ ఇష్టం. ఒకచోట దారి ఉందంటే మిగతా రెండు చోట్ల ఉన్నట్టు కాదు.

అపోహ: ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డు ఉంటే రెండు దేశాల పౌరసత్వం ఉన్నట్టే. ఇండియా జట్టుకు ఆడొచ్చు.

కాదు. భారతదేశం ద్వంద్వ పౌరసత్వాన్ని ఒప్పుకోదు. 1955 నాటి పౌరసత్వ చట్టం సెక్షన్ 9 ప్రకారం మరో దేశ పౌరసత్వం స్వచ్ఛందంగా తీసుకున్న క్షణమే ఇక్కడిది పోతుంది. పాత పాస్‌పోర్టు అప్పజెప్పి సరెండర్ సర్టిఫికెట్ తీసుకోవాల్సింది అందుకే. ఓసీఐ అన్నది పేరుకు పౌరసత్వమే తప్ప నిజానికి జీవితకాల వీసా లాంటి సౌకర్యం. ఓటు ఉండదు, భారత పాస్‌పోర్టు ఉండదు. 2008 నుంచి కేంద్ర క్రీడా విధానం స్పష్టంగా ఉంది: భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లే దేశం తరఫున ఆడాలి.

ఇక్కడ ఫిఫా అడ్డు కాదు. తల్లో తండ్రో వరంగల్‌లో పుట్టి ఉంటే ఫిఫా అడిగే సంబంధం ఉన్నట్టే. ఆపేది మన చట్టం. పొరుగు దేశాలు విదేశాల్లో పుట్టిన తమ పిల్లలను పిలిపించుకుని ఆడించుకుంటుంటే మనం చూస్తూ ఉండటం బాధగానే ఉంటుంది. కానీ నియమం మారేదాకా ఉన్న దారి విదేశీ పాస్‌పోర్టు వదులుకోవడమే. జపాన్‌లో పుట్టిన అరాటా ఇజుమి తండ్రి గుజరాతీ. ఆయన జపాన్ పౌరసత్వం వదులుకుని 2013లో భారత్ తరఫున ఆడాడు. 2019లో ఆస్ట్రేలియా సీనియర్ జట్టుకు ఒక ఫ్రెండ్లీ (ఏ పోటీలోనూ భాగం కాని స్నేహపూర్వక మ్యాచ్) ఆడిన ర్యాన్ విలియమ్స్ తల్లి ముంబైలో పుట్టారు. ఆయన 2025లో ఆస్ట్రేలియా పౌరసత్వం వదిలి భారత పాస్‌పోర్టు తీసుకున్నాడు.

ఆ దారిలో వెళ్లాలంటే క్రమం ఇది. ఓసీఐ కార్డు తీసుకుని అయిదేళ్లు నిండాలి. దరఖాస్తుకు ముందు పన్నెండు నెలలు ఇండియాలోనే నివాసం ఉండాలి. ప్రత్యేక పరిస్థితుల్లో కేంద్రం ఇందులో సడలించగలిగేది మొత్తం 30 రోజులు మాత్రమే. ఆటగాళ్లకు ఎక్కువగా దెబ్బ తగిలేది ఇక్కడే. సీజన్ అయిపోగానే నెలన్నర ఇంటికెళ్లి, మరో మూడు వారాలు విదేశంలో ప్రీ-సీజన్ క్యాంపు చేస్తే ఆ ఏడాది లెక్కకు రాదు. మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాలి. రెండో జాగ్రత్త ఇంకా ముఖ్యం. ఇక్కడి ప్రభుత్వం దరఖాస్తును ఆమోదిస్తున్నట్టు లేఖ ఇచ్చి, విదేశీ పౌరసత్వం వదిలిన రుజువు అడిగాకే అక్కడిది వదలాలి. తొందరపడి ముందే వదిలేస్తే మధ్యలో ఏ దేశానికీ చెందనివాడైపోతాడు.

అపోహ: దుబాయ్‌లో, దోహాలో పుట్టిన పిల్లలు విదేశీయులు. వాళ్లకు ఇండియా జట్టు దారి మూసుకుపోయింది.

సరిగ్గా తలకిందులు. గల్ఫ్ దేశాల్లో అక్కడ పుట్టినంత మాత్రాన పౌరసత్వం రాదు. తల్లిదండ్రులు భారతీయులైతే బిడ్డ కూడా భారతీయుడే, ఇండియాకు ఆడటానికి ఏ మెలికా లేదు. చేయాల్సిందల్లా ఒకటే: 2004 డిసెంబర్ 3 తర్వాత విదేశంలో పుట్టిన బిడ్డ జననాన్ని ఏడాదిలోపు అక్కడి భారత దౌత్య కార్యాలయంలో నమోదు చేయించాలి. ఏడాది దాటితే కేంద్రం అనుమతి కావాలి. కంపెనీ సెలవివ్వలేదనో, దౌత్య కార్యాలయం దూరమనో ఈ పని వాయిదా పడుతుంటుంది. పదిహేనేళ్ల తర్వాత సెలక్షన్లప్పుడు బయటపడుతుంది.

అమెరికాలో పుట్టిన పిల్లల సంగతి వేరు, పుట్టుకతోనే అక్కడి పౌరులు. తల్లిదండ్రులు భారతీయులై, బిడ్డ పుట్టుకను మన దగ్గరా నమోదు చేయించాలంటే మరో దేశ పాస్‌పోర్టు లేదని రాసివ్వాలి. అలా నమోదైన మైనర్‌కు రెండో పౌరసత్వం ఉంటే, పద్దెనిమిది నిండిన ఆరు నెలల్లోపు దాన్ని వదులుకోవాలి. లేదంటే భారత పౌరసత్వం పోతుంది.

అపోహ: రెండు పాస్‌పోర్టులున్న ఆటగాడు ఈ ఏడాది ఒక దేశానికి, వచ్చే ఏడాది ఇంకో దేశానికి ఆడొచ్చు.

ఆల్ఫ్రెడో డి స్టెఫానో అర్జెంటీనాకూ స్పెయిన్‌కూ ఆడిన కాలం పోయింది. ఇప్పుడు అధికారిక పోటీలో ఒక్క నిమిషం ఆడినా ఆ దేశానికి కట్టుబడినట్టే. అధికారిక పోటీ అంటే ప్రపంచకప్, ఖండ స్థాయి కప్ మాత్రమే కాదు, వాటి క్వాలిఫయర్లు కూడా. అండర్-17 క్వాలిఫయర్ కూడా ఇందులోకే వస్తుంది. ఫ్రెండ్లీలు మాత్రం కట్టిపడేయవు. డిక్లాన్ రైస్ ఐర్లాండ్ సీనియర్ జట్టుకు మూడు ఫ్రెండ్లీలు ఆడాక, ఫిఫా అనుమతితో 2019లో ఇంగ్లండ్‌కు మారగలిగింది అందుకే.

ఒక్క నిమిషం ఎంత ఖరీదో మునీర్ ఎల్ హద్దాదీని చూస్తే తెలుస్తుంది. 2014 సెప్టెంబర్‌లో స్పెయిన్ తరఫున మాసిడోనియాపై యూరో క్వాలిఫయర్ చివర్లో ఓ పావుగంట లోపే ఆడాడు. ఆ తర్వాత స్పెయిన్ పిలవలేదు. తండ్రి దేశం మొరాకో పిలిచినా నియమం అడ్డొచ్చింది. క్రీడా వివాదాల కోర్టుకు వెళ్లినా లాభం లేక 2018 ప్రపంచకప్ పోయింది. 2020లో ఫిఫా నియమం సడలించాకే, 2021లో మొరాకో జెర్సీ వేసుకున్నాడు.

ఆ సడలింపు ప్రకారం సీనియర్ జట్టుకు ఆడినవాడు మారాలంటే షరతులన్నీ ఒకేసారి కుదరాలి. మొదటి దేశానికి తొలి అధికారిక మ్యాచ్ ఆడేనాటికే రెండో దేశ పౌరసత్వం ఉండాలి. మొదటి దేశానికి చివరి అధికారిక మ్యాచ్ ఆడేనాటికి 21 నిండి ఉండకూడదు. సీనియర్ మ్యాచ్‌లు, ఫ్రెండ్లీలు కలుపుకొని, మూడుకు మించకూడదు. చివరి మ్యాచ్ ఆడి మూడేళ్లు గడవాలి. ప్రపంచకప్, ఖండ స్థాయి టోర్నీల తుది దశలో ఆడి ఉండకూడదు. జూనియర్ స్థాయిలోనే ఆగినవాళ్లకు ఇంత కఠినం కాదు.

దరఖాస్తు పెట్టేది ఆటగాడు కాదు, కొత్త దేశపు ఫుట్‌బాల్ సమాఖ్య. ఆటగాడి రాతపూర్వక అభ్యర్థన, పాస్‌పోర్టు నకళ్లు, పౌరసత్వం ఏ తేదీన వచ్చిందన్న రుజువు, పాత సమాఖ్య ఇచ్చే మ్యాచ్‌ల వివరాలు జతచేయాలి. తీర్పు వచ్చేదాకా ఏ దేశానికీ ఆడకూడదు. పెద్ద టోర్నీకి రెండు వారాల ముందు కాగితాలు కదిపితే రెంటికీ చెడ్డ రేవడి అవుతాడు. అసలు దరఖాస్తే పెట్టకపోతే ఇంకా ఘోరం. స్పెయిన్ జూనియర్ జట్లకు ఆడిన ఎమీలియో ఎన్సూ ఈక్వటోరియల్ గినియాకు ఏళ్ల తరబడి ఆడాడు, కెప్టెన్ కూడా అయ్యాడు. మార్పు పద్ధతి ప్రకారం జరగలేదని 2024లో ఫిఫా తేల్చింది. అతనికి ఆరు నెలల నిషేధం పడింది, ఆ దేశం గెలిచిన రెండు ప్రపంచకప్ క్వాలిఫయర్లు ఓటమిగా మారాయి.

అపోహ: గ్రీన్‌కార్డో పీఆరో (శాశ్వత నివాస అనుమతి) ఉంటే చాలు.

చాలదు. ఫిఫాకు కావాల్సింది నివాసం మీద ఆధారపడని శాశ్వత పౌరసత్వం. కొత్తగా పౌరసత్వం తెచ్చుకున్నవాళ్లు అదనంగా ఒక సంబంధం చూపాలి: ఆ దేశంలో పుట్టుక, లేదా అమ్మానాన్నల్లో ఒకరి పుట్టుక, లేదా తాత, నాయనమ్మ, అమ్మమ్మల్లో ఒకరి పుట్టుక, లేదా నివాసం. పదేళ్ల లోపే వెళ్లి ఉంటే మూడేళ్ల నివాసం చాలు, ఆ తర్వాత వెళ్తే అయిదేళ్లు. హన్మకొండలో పుట్టి ఏడో ఏట మెల్‌బోర్న్ వెళ్లి, పంతొమ్మిదో ఏట అక్కడి పౌరుడైన కుర్రాడికి ఆస్ట్రేలియా తలుపు తెరిచే ఉంది. పద్దెనిమిదేళ్లకు చదువుకు వెళ్లినవాడు పౌరసత్వంతో పాటు అయిదేళ్ల నివాసం కూడా చూపాలి.

అపోహ: తాత అక్కడే పుట్టాడని చెబితే సరిపోతుంది, కాగితాలు ఎవరైనా చేసిపెడతారు.

ఈ ఒక్క మాట వల్ల కెరీర్లే దెబ్బతిన్నాయి. 2025లో మలేషియా జట్టులోని ఏడుగురు విదేశీ మూలాల ఆటగాళ్ల తాతలు, నాయనమ్మలు మలేషియాలో పుట్టినట్టు చూపిన పత్రాలు నకిలీవని ఫిఫా తేల్చింది. అసలు జనన రికార్డుల్లో అర్జెంటీనా, బ్రెజిల్, స్పెయిన్, నెదర్లాండ్స్ ఊళ్లున్నాయి. ఒక్కొక్కరికీ ఏడాది నిషేధం, సమాఖ్యకు మూడున్నర లక్షల స్విస్ ఫ్రాంకుల జరిమానా విధించింది. పత్రం ఎవరు చేయించినా శిక్ష ఆటగాడికీ పడుతుంది.

మన దగ్గర సమస్య మోసం కాదు, కాగితమే లేకపోవడం. నిజాం కాలంలో పుట్టిన తాతకు జనన ధ్రువపత్రం ఎక్కడిది? చాలామంది తల్లిదండ్రులకు కూడా ఎస్సెస్సీ మెమోనే ఆధారం. అందులో పుట్టిన తేదీ ఉంటుంది కానీ జనన ధ్రువపత్రానికి బదులు ప్రతిచోటా చెల్లదు. ముందు మున్సిపాలిటీలో లేదా పంచాయతీలో రికార్డు వెతికించి, లేకపోతే నమోదు కాలేదన్న పత్రం తీసుకోవాలి. దాంతో ఆలస్య నమోదుకు దరఖాస్తు పెట్టాలి. ఏడాది దాటిన జననాలకు కార్యనిర్వాహక మేజిస్ట్రేట్ స్థాయి ఉత్తర్వు కావాలి. ఆ తర్వాత రాష్ట్ర స్థాయి ధ్రువీకరణ, చివరికి విదేశాంగ శాఖ అపోస్టిల్, అంటే పత్రం అసలుదేనని విదేశాల్లో చెల్లేలా వేసే ముద్ర. అపోస్టిల్ ఒప్పందంలో లేని దేశమైతే ఆ దేశ ఎంబసీ ముద్ర కావాలి.

ఎక్కువ ఫైళ్లు ఆగేది ఇంటిపేరు దగ్గర. మెమోలో ఇంటిపేరు ముందు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరం, పాస్‌పోర్టులో చివర. అమ్మ పేరు పుట్టింటి ఇంటిపేరుతో ఒకచోట, అత్తింటి ఇంటిపేరుతో ఇంకోచోట. మనకు చూడగానే ఒకే మనిషని తెలుస్తుంది. జ్యూరిక్‌లోని ఫిఫా ఆఫీసులో ఫైలు చూసే అధికారికి ముగ్గురు వేర్వేరు మనుషులు కనిపిస్తారు. పిల్లాడు పన్నెండేళ్ల వాడున్నప్పుడే అన్నిట్లో ఒకే వరస పెట్టించండి. పద్దెనిమిదో ఏట ఆ పని ఏడాది తింటుంది.

అపోహ: విదేశీ పాస్‌పోర్టు లేకుండా బయట క్లబ్బుల్లో ఆడలేరు.

నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్‌కు వెళ్లింది భారత పాస్‌పోర్టుతోనే. గోల్‌కీపర్ గుర్‌ప్రీత్ సింగ్ సంధు నార్వేలో స్టాబెక్ క్లబ్‌కు ఆడిందీ దాంతోనే. విదేశీ పాస్‌పోర్టు ఉంటే మేలే, అది వేరే మాట. స్పెయిన్‌లో ఐరోపా సమాఖ్య బయటి ఆటగాళ్లకు పరిమితి ఉంటుంది కాబట్టి వినీసియస్ జూనియర్ స్పెయిన్ పౌరసత్వం తీసుకున్నాడు. క్లబ్ లెక్కలో ఐరోపావాడయ్యాడు, జాతీయ జట్టు మాత్రం ఇప్పటికీ బ్రెజిలే.

దీని వెనకవైపు కూడా చూడాలి. బ్రిటిష్ పాస్‌పోర్టు వదిలి ఇండియా జట్టులోకి వచ్చినవాడు మళ్లీ ఇంగ్లండ్ క్లబ్బులో చేరాలంటే విదేశీయుడి కిందే లెక్క. అక్కడ విదేశీ ఆటగాడికి పని అనుమతి రావాలంటే 15 పాయింట్లు తెచ్చుకోవాలి. ఫిఫా ర్యాంకుల్లో తొలి 50లో ఉన్న దేశాల అంతర్జాతీయ ఆటగాళ్లకు అందులో దొరికే సులువు మన జట్టువాళ్లకు దొరకదు. అటువైపు, ఓసీఐతో ఐఎస్‌ఎల్‌లో (ఇండియన్ సూపర్ లీగ్) ఆడితే విదేశీ కోటాలో పడతాడు. ఇటీవలి సీజన్లలో క్లబ్బుకు ఆరుగురే, మైదానంలో ఒకేసారి నలుగురే. ఆ నాలుగు చోట్ల కోసం బ్రెజిల్, స్పెయిన్ ఆటగాళ్లతో పోటీ పడాలి. 22 ఏళ్లకు తీసుకునే నిర్ణయం, 29 ఏళ్లకు తీసుకునే నిర్ణయం ఒకటి కాకపోవడానికి కారణం ఇదే. ఐరోపాలో ఇంకా ఎదిగే అవకాశం ఉన్న కుర్రాణ్ని దేశభక్తి పేరుతో తొందరపెట్టడం న్యాయం కాదు.

అపోహ: ఆ దేశ పౌరసత్వం ఉంది కాబట్టి పదహారేళ్లకే అక్కడి అకాడమీలో చేర్చొచ్చు.

పదేళ్లు దాటిన పిల్లాడు ఇక్కడ రిజిస్టరై ఉంటే అక్కడ చేరడం అంతర్జాతీయ బదిలీ అవుతుంది, ఐటీసీ (అంతర్జాతీయ బదిలీ ధ్రువపత్రం) కావాలి. పద్దెనిమిది లోపు బదిలీ నిషిద్ధం. మినహాయింపుల్లో మన వాళ్లకు వర్తించేది ముఖ్యంగా ఒకటి: తల్లిదండ్రులు ఫుట్‌బాల్‌తో సంబంధం లేని కారణంతో అక్కడికి మారడం. తండ్రి ఉద్యోగ ఒప్పందం, ఇంటి అద్దె పత్రం, వీసా తేదీలు అన్నీ పరిశీలిస్తారు. పిల్లాడు క్లబ్‌లో చేరిన నెల తర్వాత తండ్రికి ఉద్యోగం వచ్చినట్టుంటే ఫైలు తిరిగొస్తుంది.

అపోహ: ఊళ్లో ఆడే వయసులో రిజిస్ట్రేషన్ ఎందుకు?

అంతర్జాతీయ బదిలీ సొమ్ములో 5 శాతం, 12 నుంచి 23 ఏళ్ల మధ్య ఆటగాణ్ని తయారుచేసిన క్లబ్బులకు వెళ్తుంది. 12–15 మధ్య ఏడాదికి 0.25 శాతం, తర్వాత ఏడాదికి 0.5 శాతం. కోటి రూపాయల బదిలీలో, ఆ నాలుగేళ్లూ శిక్షణ ఇచ్చిన వరంగల్ క్లబ్బుకు వచ్చేది లక్ష. కొత్త బంతులకు, నెట్లకు, పిల్లల కిట్లకు అది పెద్ద మొత్తమే. కానీ జాతీయ సమాఖ్య ఆన్‌లైన్ రిజిస్ట్రేషన్‌లో ఆ పిల్లాడు ఆ క్లబ్ పేరుతో సీజన్ల వారీగా నమోదై ఉంటేనే వస్తుంది. పౌరసత్వం మారినా ఈ హక్కు పోదు.

అపోహ: ఏజెంటుకు ముందే డబ్బు కడితే పాస్‌పోర్టు, ట్రయల్స్ రెండూ చూసుకుంటాడు.

పౌరసత్వం ఇప్పించే అధికారం ఏ ఏజెంటుకూ లేదు. 2023 అక్టోబర్ నుంచి ఏజెంటుకు ఫిఫా లైసెన్సు తప్పనిసరి, ఫిఫా వెబ్‌సైట్‌లో పేరు వెతికి చూసుకోవచ్చు. మైనర్‌ను సంప్రదించాలంటే తల్లిదండ్రుల రాతపూర్వక అంగీకారం ఉండాలి. ఆ దేశంలో తొలి ప్రొఫెషనల్ ఒప్పందం చేసుకునే వయసుకు ఆరు నెలల ముందు నుంచే ఆ అవకాశం. పేరు ఆ జాబితాలో లేని మనిషి పద్నాలుగేళ్ల పిల్లాడి పాస్‌పోర్టు అడిగితే ఇవ్వకండి, జిరాక్స్ కూడా.